గురమ్మ పెట్టిన హద్దు

రేవుపేటలో గరిష్ఠ వరద మట్టం ఎంతని అడిగితే ఆఫీసులో ఒక అంకె చూపిస్తారు. అసలు సంగతి నన్నడగండి. ఆ మట్టం గురమ్మ చెయ్యెత్తితే అందినంత. ఆవిడ పొట్టిగా పుట్టి ఉంటే ఈపాటికి ఆవిడ ఇంటికి స్లాబు పడి ఉండేదేమో.

నా పేరు సుహాసిని. తహసీల్దారు ఆఫీసు గేటుకి ఎదురుగా జెరాక్స్ షాపు నడుపుతాను. ఎచ్చెర్లలో ఎమ్మే చదివాను. ఆ చదువు జనాలకి అర్జీలు రాసిపెట్టడానికి పనికొచ్చింది. నాకు కోపం ఎక్కువని మా వీధిలో అనుకుంటారు. అనుకోనీండి. రోజుకి ఇరవై అర్జీలు రాసి, వాటిలో పంతొమ్మిది బుట్టలో పడటం చూసే మనిషికి శాంతం ఎక్కడినుంచి వస్తుంది? గురమ్మ అర్జీ కూడా నేనే రాశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

గురమ్మకి అరవై దాటాయి. నాగావళి గట్టు దిగువన అరెకరంలో వంగ, బీర, ఆనప పండించి శనివారం సంతకి తెస్తుంది. మగవాళ్లకన్నా పొడుగు మనిషి. ఎవరింటికి వెళ్లినా గుమ్మం వంగి దాటాల్సిందే. "తాటిసెట్టుకి తాళి కట్టేనని మా మావ ఊరంతా సెప్పుకునేవోడు" అని తనమీద తనే నవ్వుకునేది. ఆ మావ పోయి పదిహేనేళ్లయింది. పిల్లలు కలగలేదు. చెల్లెలు పురిట్లో పోతే, పదకొండో రోజున ఆ పసిగుడ్డుని ఒళ్లో వేసుకుని బస్సెక్కి తెచ్చేసుకుంది. వాడే త్రినాథ్. పిలవడం పెద్దమ్మ అనే గానీ, వాడికి అమ్మంటే ఆవిడే. కూరగాయలమ్మి డిప్లొమా చదివించింది. ఇప్పుడు వాడు చీపురుపల్లిలో కాపురం ఉంటూ, కాంట్రాక్టు మీద సర్వేయరు పని చేస్తున్నాడు. వాడి ఫోనొస్తే చాలు, గంప అక్కడే వదిలేసి మాట్లాడేది.

రేవుపేట ఆడవాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. ఏరు పొంగి వీధిలోకి వచ్చిందంటే, ఇంటి పెద్ద ఆడమనిషి పసుపు తడిపి వీధిగోడ మీద అడ్డంగా ఒక గీత గీస్తుంది. దానిమీద మూడు కుంకుమ బొట్లు పెట్టి, "తల్లీ, ఇదే హద్దు, దీన్ని దాటి రాకు" అని దణ్ణం పెడుతుంది. గీత నీళ్లున్న చోట గియ్యరు. దానికి బాగా పైన, చెయ్యెత్తితే అందినంత పైన గీస్తారు. అమ్మవారికి కాస్త చోటివ్వాలి, ఇరుకు పెడితే కోపగించుకుంటుందని వాళ్ల లెక్క. ఎవరి పొడుగుని బట్టి వాళ్ల గీత. గురమ్మ గీత వీధి మొత్తానికీ పైన ఉండేది. చిన్నప్పుడు వరదొస్తే పసుపు గిన్నె పట్టుకుని పక్కన నిలబడేది త్రినాథే. "నీలు మెట్టు కాడుంటే గీత అంతెత్తునేటి పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాడట. ఆవిడ విడమరిచి చెప్పిందట. మర్నాడు వీధిలో పిల్లలందరికీ వాడే పాఠం చెప్పాడట. ఇది గురమ్మే నాకు మురిసిపోతూ చెప్పింది.

రెండేళ్ల కిందటి తుఫానుకి నీళ్లు ఆవిడ ఇంటి రెండో మెట్టు దాకా వచ్చాయి. అంటే మోకాలెత్తు. గురమ్మ ఎప్పటిలాగే వీధిగోడ మీద, చూరు నీడన, గీత గీసింది. నీళ్లు ఒక పూట నిలిచి తీశాయి. కానీ నానిపోయిన వెనక గోడ కూలింది. గురమ్మ వంటసామాను పశువులపాకలోకి మార్చుకుంది. కాళ్లరిగేలా తిరగ్గా తిరగ్గా ఇల్లు మంజూరైంది. కూలిన ఇంటి పక్కనే పునాది వేయించింది. మేస్త్రీతో పోట్లాడి మరీ దాన్ని నడుమెత్తు లేపించింది. ఇక గోడలు లేవడమే తరువాయి. వానలు పడేలోగా కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించాలని ఆవిడ పట్టుదల.

అలాంటప్పుడు సర్వే చేస్తామంటూ ఒక కాగితం వచ్చింది. ఏటిపొడుగునా 'వరద మైదానం' గుర్తించాలట.

"మైదానమేటి, ఏరొచ్చి కబడ్డీ ఆడతాదా?" అంది గురమ్మ.

షాపులో ఉన్నవాళ్లందరం నవ్వాం. నవ్వడం మాని ఆ కాగితం చదివి ఉండాల్సింది. నేనే చదవలేదు, నన్ను నేనే తిట్టుకోవాలి. ఏటిపక్క నేలని మూడు రకాలుగా విడదీస్తారని తర్వాత తెలిసింది. నిషేధిత ప్రాంతంలో ఉన్న ఇళ్లు ఉండొచ్చు, కొత్తగా ఒక్క ఇటుక పెట్టకూడదు. నియంత్రిత ప్రాంతంలో పునాది ఎత్తు చేసి కట్టుకోవచ్చు. హెచ్చరిక ప్రాంతంలో జాగ్రత్తగా ఉంటే చాలు. ఏది ఎందులోకి వస్తుందో గరిష్ఠ వరద మట్టం తేలుస్తుంది. ఏటి మట్టం కొలిచే రాయి ఉన్నచోట ఆ రాయిని బట్టి, లేనిచోట 'స్థానిక ఆనవాళ్లు, పెద్దల వాంగ్మూలం' బట్టి రాస్తారు. రేవుపేటలో రాయి లేదు.

సర్వే చెయ్యడానికి వచ్చింది త్రినాథే. గురమ్మ సంబరం చూడాలి. కోడిని కోసింది, పక్కింటివాళ్లని పిలిచి మరీ వాడి మెళ్లో ఉన్న ఐడీ కార్డు చూపించింది. ఎండ మండిపోతోందని వాడు మిగతా ఇళ్లు తిరగలేదు. భోంచేసి లేచి, పెద్దమ్మ వీధిగోడ దగ్గరే టేపు తీశాడు. పసుపు గీత మీద పెట్టాడు.

"హద్దు ఇదేనా పెద్దమ్మా?"

"ఇదేరా. నీకు తెల్దేటి?"

ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు, పెట్టింది. ఫొటో తీస్తానంటే లోపలికెళ్లి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, గీత మీద వేలు పెట్టి నిలబడింది. తనకీ ఒక కాపీ కావాలంది. నీళ్లు నిజంగా వచ్చిన చోట, గోడ కింద, బురద చార ఇంకా ఉంది. ఫొటోలో అది పడలేదు.

నెల తిరక్కుండానే నోటీసు వచ్చింది. మేస్త్రీ పని ఆపేశాడు. అప్పటికే ఆ వీధిగోడ పడగొట్టి ఆ మట్టి కొత్త పునాదిలో నింపేశారు, బురద చార కూడా దాంతోనే పోయింది. గురమ్మ ఆ కాగితం పట్టుకుని షాపుకొచ్చింది. చదివాను. 'వరద నీటి హద్దు: ఏడడుగుల రెండంగుళాలు' అని ఉంది. కింద ఆవిడ సంతకం, ఆ ఫొటో. ఇల్లు నిషేధిత ప్రాంతంలో ఉన్నందున నిర్మాణం నిలిపివేయడమైనది, అభ్యంతరముంటే అర్జీ పెట్టుకున్నచో విచారణ జరపబడును అని ముగించారు.

ఆవిడ చాలాసేపు ఆ ఫొటోనే చూసింది.

"నాను ఏటికెట్టిన హద్దు ఈళ్లు నా ఇంటికెట్టేరేటమ్మా?" అంది.

నా షాపులోంచే త్రినాథ్‌కి ఫోన్ చేయించాను, స్పీకర్ పెట్టి. వాడు ముందు నసిగాడు. కాగితాలు పైకి వెళ్లిపోయాయన్నాడు. తప్పు రాశానని ఒప్పుకుంటే కాంట్రాక్టు తీసేస్తారేమోనన్నాడు. చివరికి వాడే అన్నాడు.

"నువ్వు బెంగెట్టుకోకు పెద్దమ్మా. విచారనకి నానే వస్తాను కదా. ఆ గీత సంగతి నానే సెప్తాను."

"సూసేవా, ఆడే సెప్తాడంట" అంది నాతో.

నాకు నమ్మకం కుదరలేదు. రూలు కాగితాలు తిరగేస్తే ఒక మంచి మాట దొరికింది. సర్వే చేసినవాడికి ఆ ప్రాంతంలో దగ్గర బంధువులుంటే ఆ సర్వే చెల్లదు, మళ్లీ చెయ్యాలి. ఇంటిపేర్లు వేరు కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఈ ముక్క అర్జీలో మొదటి వాక్యంగా పెడదామన్నాను.

"వద్దు. ఆడి పేరు రాయకు" అంది గురమ్మ.

"ఇల్లు పోతుంది గురమ్మా."

"ఆడికి పెళ్లాం ఉన్నాది, ఉజ్జోగం ఉన్నాది. ఆడే వచ్చి సెప్తానన్నాడు కదా. నీకెందుకమ్మా అంత అనుమానం?"

ఆవిడ మాట కాదనలేక ఆ వాక్యం తీసేశాను. గీత అంటే ఏమిటో మాత్రమే వివరంగా రాశాను. వీధిలో ఆడవాళ్లని సాక్ష్యానికి పిలుద్దామన్నా, ఆడొస్తాడు కదా, ఇంకెవులూ వద్దంది.

విచారణ రోజు పదకొండు గంటలకి హాల్లో కూర్చున్నాం. జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడు. గురమ్మకి కుర్చీ వేయించి, చెప్పనిచ్చాడు. పసుపు తడపడం దగ్గర నుంచి దణ్ణం పెట్టడం దాకా ఆవిడ అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి ఆసక్తిగా విన్నాడు.

"ఈ ఆనవాయితీ నిజమైతే ఆ కొలత పనికిరాదు. మళ్లీ కొలిపిస్తాను. నీళ్లు మోకాలెత్తే అని తేలితే మీరు నియంత్రిత ప్రాంతంలోకి వస్తారు. పునాది ఎలాగూ ఎత్తుగానే ఉందంటున్నారు కదా, కట్టుకోవచ్చు" అన్నాడు. నా పక్కనున్న గురమ్మ ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది. ఆయన త్రినాథ్ వైపు తిరిగాడు. "ఏమయ్యా సర్వేయర్, ఈ ఆచారం సంగతి నీకు తెలుసా?"

త్రినాథ్ ఇస్త్రీ చొక్కాలో ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గురమ్మ వైపు చూడలేదు.

"నాకు అలాంటి ఆచారం ఏదీ తెలియదు సార్. నీళ్లు అంతవరకు వచ్చాయని ఆవిడే చెప్పారు. సంతకం కూడా పెట్టారు."

'ఆవిడ' అన్నాడు. 'పెద్దమ్మ' అనలేదు. నా ఒళ్లు భగ్గుమంది. లేచి నిలబడ్డాను.

"సార్, ఇతను ఆవిడ చెల్లెలి కొడుకు. పదకొండు రోజుల బిడ్డప్పటి నుంచి ఆవిడే పెంచింది. ఆ పసుపు గిన్నె పట్టుకున్నవాడే ఇతను. బంధువు చేసిన సర్వే చెల్లదని మీ రూల్లోనే ఉంది."

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు.

"మీరు పార్టీ కాదు, కూర్చోండి. ఆవిణ్ణి చెప్పనివ్వండి. అమ్మా, ఇది నిజమైతే ఈ క్షణమే సర్వే రద్దు చేస్తాను. ఇతని సంగతి తర్వాత చూస్తాను. చెప్పండి, ఇతను మీకేమవుతాడు?"

త్రినాథ్ తల దించుకున్నాడు. గురమ్మ వాడి వంక చూసింది. వాడు తలెత్తుతాడేమోనని చాలాసేపే చూసింది. చెప్పు, చెప్పు అని నేను కుర్చీలో గొణుగుతూనే ఉన్నాను. వాడు తలెత్తలేదు.

"ఏటీ కాడు బాబూ" అంది.

"సరిగ్గా విన్నారా అమ్మా? బంధుత్వం ఏమైనా ఉందా అంటున్నాను."

"ఇన్నాను బాబూ. ఏటీ కాడు."

ఆయన నావైపు ఒక చూపు చూశాడు. నలుగురిలో అబద్ధాలకోరునైపోయాను. సర్వేయరుతో తనకు ఏ సంబంధమూ లేదని అర్జీదారే చెప్పినందున, కొలతలో తప్పుందనడానికి వేరే సాక్ష్యం లేనందున, అర్జీ తిరస్కరించడమైనది అని అక్కడికక్కడే రాసేశాడు. గురమ్మ సంతకం పెట్టింది.

గేటు బయటికి రాగానే నోటికొచ్చినట్టు తిట్టాను. త్రినాథ్‌ని కాదు, ఆవిణ్ణే.

"నీకు మతుందా? నా చెల్లి కొడుకు అన్న ఒక్క మాటకి ఇల్లు నిలిచేది. వాడు నిన్ను ముంచేస్తే వాణ్ణి కాపాడతావా? వానలొస్తే ఆ పాకలో పశువుల మధ్య పడుకుంటావా?"

"కాపాడలేదమ్మా" అంది. గొంతులో తడి కూడా లేదు. "ఆ కొత్తింటి రెండు గదుల్లో ఒకటి ఆడికే ఏసేను. పెళ్లాన్ని తీసుకుని వస్తే ఉంటాడని. ఇంకెవులికమ్మా ఆ ఇల్లు?"

తిట్టినందుకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వాణ్ణి పట్టుకుని నాలుగు పీకాలనిపించింది. ఇంతలో వాడే వచ్చాడు. బండి మా పక్కన ఆపి, ఇంజను ఆపకుండానే అన్నాడు.

"పెద్దమ్మా, బండెక్కు. ఎండలో ఎలా ఎల్తావు, దింపేస్తాను."

వాడికి ఇరవై ఏడేళ్లు. అన్నేళ్లూ ఆవిడ నోట వాడు ఒరే తప్ప మరోటి కాదు. గురమ్మ కొంగు భుజం మీదకి లాక్కుని, పెద్ద మనుషులకి దారిచ్చినట్టు రోడ్డు పక్కకి జరిగి, రెండు చేతులూ జోడించింది.

"మీరెల్లండి బాబూ."