రుక్కమ్మగారి తలుపు, నా గొడ్డలి

ఆ రోజు తప్పు నాదే. వానది కాదు, వానకు ఉబ్బిన తలుపుది కాదు, గొడ్డలిది అసలే కాదు. ఒక మంచి మనిషిని కాపాడబోయి, ఆమె తలుపునూ నీళ్ల డ్రమ్మునూ పండగనూ ఒకే ఊపులో పాడుచేసిన ఘనత పూర్తిగా నాకే చెందాలి. ఎవరైనా వాటాకొస్తే ఇవ్వను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. కుందలహళ్ళిలో రుక్కమ్మగారింట్లో మేడమీది గది నాది. ఆమెవాళ్లు తాతల నాడే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లు. నాకు కొత్తగా జీతం పెరిగింది. అల్పుడికి ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నేను పట్టపగలు గొడ్డలి పట్టాను.

మా ఆఫీసు వాళ్లం సెలవు దొరికితే కొండలెక్కేవాళ్లం. ఒకసారి దారికి అడ్డంగా చెట్టు పడి, జీపు కదలక, మాలో ఒకడు కాలు బెణికి, నానా అవస్థా పడ్డాం. అడవిలో కట్టెలకూ, ఆపదలో మనుషుల్ని బయటికి లాగడానికీ పనికొచ్చే చిన్న గొడ్డలి ఒకటి ఉండాలని తీర్మానించాం. ఎంచుకునే బాధ్యత నాకిచ్చారు. ఎందుకిచ్చారో ఇప్పటికీ అర్థం కాదు.

మా ఆఫీసులోనే పనిచేసే కర్నూలు ఇంతియాజ్‌ను వెంటబెట్టుకుని, ఇనప సామాన్ల దుకాణాలుండే నగర్తపేట వెళ్లాను. దుకాణదారు రెండు చూపించాడు. ఒకటి మామూలు చేగొడ్డలి: కర్ర పిడి, ముందు పదును, వెనక సుత్తిలా చదును. రెండోది టామహాక్ అనే విదేశీ రకం. నల్లటి ఒళ్లు, సన్నటి అంచు, వెనకవైపు కొంగ ముక్కులాంటి మొన. దాన్ని చూడగానే నా ఛాతీ దానంతటదే ముందుకొచ్చింది.

"వెనక చదునుగా ఉండేది తీసుకోరా," అన్నాడు ఇంతియాజ్. "గుడారం మేకులు కొట్టుకోవచ్చు, సుత్తి లేనిచోట సుత్తిలా వాడొచ్చు. ఆ ముక్కుతో ఏం చేస్తావ్? చేపలు పడతావా?"

"కారు అద్దం పగలగొట్టొచ్చు. రేకు చీల్చొచ్చు. ఇది రెస్క్యూ సరుకురా, నీకు తెలీదు."

"ముందు నిన్ను దీన్నుంచి ఎవరు రెస్క్యూ చేస్తారో చూసుకో."

దుకాణదారు మధ్యలో వచ్చి, "ఎరడూ చెన్నాగిదె సార్," అన్నాడు. రెండూ బాగున్నాయనే కదా అమ్మేవాడనేది! నేను కొంగను కొన్నాను. ఇంతియాజ్ మారుమాట్లాడకుండా మామూలుది కొనుక్కున్నాడు. దారి పొడుగునా దాన్ని చూసి "కొబ్బరికాయల గొడ్డలి" అని వెక్కిరించాను.

అంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ పండగ రుక్కమ్మగారి సామ్రాజ్యం. ఇంట్లో ఉన్న పనిముట్టన్నది ఏదైనా సరే, కత్తిపీట నుంచి స్క్రూడ్రైవర్ దాకా, కడిగి, కుంకుమ పెట్టి, హాల్లో దేవుడి ముందు పరచాల్సిందే. అద్దెకున్నవాళ్లవి కూడా. పూజలో పెట్టినదాన్ని మర్నాడు కదిలించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. నా టామహాక్‌ను తీసుకెళ్లి ఇచ్చాను. దాని మొనకు ఆమె ఒక నిమ్మకాయ గుచ్చి, "ఇదేందప్పా, కొంగ మాదిరి ఉండాది?" అంది. ఇంతియాజ్ కూడా తన గొడ్డలి తెచ్చి, "అమ్మా, నాదానికీ ఒక బొట్టు," అన్నాడు. ఆమె సంబరంగా రెండు పెట్టింది.

వారం రోజులుగా వాన. పండగనాడు పొద్దున్నే ఇంటాయన తన వర్క్‌షాపులో పూజ చేయించడానికి వెళ్లిపోయాడు. ఇంతియాజూ నేనూ మేడమీద కూర్చుని పండగ భోజనం పిలుపు కోసం చెవులు రిక్కించాం. పిలుపు వచ్చింది గానీ, భోజనానికి కాదు.

"శేఖరా! ఓ శేఖరా! తలుపు రాలేదప్పా!"

దిగి పరిగెత్తాం. కింద సన్నటి నడవా చివర స్నానాల గది. చెక్క తలుపు వానకు ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయింది. లోపల రుక్కమ్మగారు. పిడి పట్టుకుని బలంగా లాగాను. పిడి వచ్చింది. తలుపు రాలేదు.

"అమ్మా, కంగారు పడకండి!"

"కంగారు లేదప్పా. షుగరు మాత్ర ఏసుకున్నా. పూజ అయ్యేదాకా తినకూడదని ఏమీ తిన్లేదు. కండ్లు తిరగతా ఉండాయి. చేతులు వణకతా ఉండాయి."

ఊడిన పిడిని చూసి వచ్చిన నవ్వు ఆ మాటతో ఆరిపోయింది. ఇంతియాజ్ మొహం కూడా మారింది. ఆమె అక్కడ పడిపోతే పట్టుకునే దిక్కు లేదు.

నేను హాల్లోకి దూకి టామహాక్ అందుకున్నాను. నిమ్మకాయ ఎగిరిపోయి దేవుడి పటానికి తగిలింది. ఆ చప్పుడు ఆమెకు వినబడింది.

"పూజలో పెట్టింది ముట్టుకోవద్దప్పా! రేపు కదిలించల్ల!"

"రేపటిదాకా మీరుండాలి కదమ్మా! పక్కకు జరగండి!"

"నిదానంరా," అన్నాడు ఇంతియాజ్. "ముందు తలుపు కీళ్లు చూడనీ."

"నువ్వు జరుగు. రెస్క్యూ అంటే చర్చావేదిక కాదు."

పాఠకులారా, సన్నటి నడవాలో నిలబడి గొడ్డలి వెనక్కెత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. నాకు తెలియదు. నా వెనక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిండుగా ఉంది. నీళ్లు రాని రోజుల కోసం ఆ తల్లి పట్టి పెట్టుకున్న నీళ్లు. నా ఊపుకు కొంగ ముక్కు దాన్ని పొడిచింది. చల్లటి ధార సూటిగా నా వీపును తాకింది. ఎవరో వెనక నుంచి దాడి చేశారనుకుని, కేక పెట్టి, మొత్తం బలంతో ముందుకు కొట్టాను. సన్నటి అంచు ఉబ్బిన చెక్కను చీల్చుకుని అవతలికి తేలి అక్కడే ఇరుక్కుంది.

లోపల్నుంచి రుక్కమ్మగారి గొంతు:

"ఒరే అప్పా, దిష్టికి పగలగొట్టే గుమ్మడికాయ బయట వాకిట్లో ఉండాది. నేను కాదు!"

లాగాను, రాలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు పెద్దలు. నేను గొడ్డలితో పోయేదాన్ని గునపం దాకా తెచ్చాను. నడవాలో పారిన నీళ్లు తలుపు కిందికి చేరాయి. ఇప్పటికే ఉబ్బిన చెక్క ఆ నీళ్లు కూడా తాగడం మొదలెట్టింది.

ఇంతియాజ్ నన్ను సంచిలా పక్కకు జరిపి, తలుపు దగ్గర వంగి మెల్లగా అడిగాడు.

"అమ్మా, నా గొడ్డలి తీసుకుంటా. మీరు సరేనంటేనే. పనిముట్టుకు పని చెప్పడం కూడా పూజే కదమ్మా."

నీరసంగా జవాబొచ్చింది. "కండ్లకద్దుకోని తీసుకోప్పా. బొట్టు చెరపొద్దు."

అతను వెళ్లి దండం పెట్టి, తన గొడ్డలీ ఒక స్క్రూడ్రైవరూ కళ్లకద్దుకుని తెచ్చాడు. ఆ తలుపు బయటికి తెరుచుకునేది, కాబట్టి కీళ్లు మా వైపే ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌ను కీలు చువ్వ కింద ఆనించి, గొడ్డలి వెనకవైపుతో కొట్టాడు. ఠక్, ఠక్. చువ్వ పైకి లేచింది. రెండోదీ లేచింది. గొడ్డలి అంచును సందులో దూర్చి పక్కకు ఎత్తితే తలుపు మొత్తం మా చేతుల్లోకి వచ్చింది, నా టామహాక్‌ను ఒంటికొమ్ములా మోసుకుంటూ.

రుక్కమ్మగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. చెరోవైపు పట్టి కుర్చీలో కూర్చోబెట్టాం. ఇంతియాజ్ చక్కెర నీళ్లు తాగించాడు. ఆ చేతుల వణుకు తగ్గేదాకా నేను ఊపిరి పీల్చుకోలేదు. రంగు తిరిగొచ్చాక ఆమె కళ్లు డ్రమ్ము మీదికి, తలుపు మీదికి, చివరికి నా మీదికి వచ్చాయి. గది ఖాళీ చేయమంటుందని, పెట్టె ఎక్కడుందా అని మనసులో వెతుక్కుంటున్నాను.

"ఆ కుంకుమ బరిణె తేప్పా," అంది.

తెచ్చాను. నా నుదుటన ఇంత బొట్టు పెట్టి, పటం దగ్గర పడిన నిమ్మకాయ తెప్పించి నా చేతిలో పెట్టింది.

"ఇంట్లో పనిముట్లన్నీ పెట్టినా అనుకుంటి. బాగా మొద్దుబారింది ఒకటి మేడమీద మిగిలిపోయిండె. పో, పోయి వాటి పక్కన కూర్చో. రేపటిదాకా నిన్నెవరూ ముట్టుకోరు."

ఇంతియాజ్ నవ్వుతూ నీళ్లలో జారిపడ్డాడు. నేను నిజంగానే వెళ్లి స్క్రూడ్రైవర్ల పక్కన కూర్చున్నాను. తిట్టకుండా వడ్డించిన ఆ పూట అన్నం రుచి నాకింకా గుర్తుంది. అంత వెధవపని చేసి, అంత మంచి భోజనం తిన్నవాడు ఈ ఊళ్లో ఇంకొకడు ఉండడు.

మర్నాడు కొత్త డ్రమ్ము నేనే భుజాన మోసుకొచ్చాను. తలుపుకు పడ్డ చీలికలో చెక్కముక్క బిగించాను. చిత్రిక పట్టడం నేర్చుకుని తలుపు అంచు నున్నగా చేశాను. టామహాక్ కొంగ ముక్కును నగర్తపేటలో కోయించేశాను. ఇప్పుడది ఆమె వంటింట్లో కొబ్బరికాయలు కొడుతుంది. అవును, నేను వెక్కిరించిన ఆ పనే.

ఇల్లు మారి ఎన్నేళ్లయినా, ఆయుధపూజకు ముందు వెళ్లి ఆ తలుపు చిత్రిక పట్టి, నూనె రాసి, తెరిచి మూసి చూసి వస్తాను. రుక్కమ్మగారు మొదటి బొట్టు నాకే పెడుతుంది. మొద్దుదైనా సరే, ముందు దీనికేనంటుంది. ఆ నిమ్మకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఎవరినైనా కాపాడబోయే ముందు, నా వెనక ఏ డ్రమ్ముందో తిరిగి చూస్తాను. పక్కన ఇంతియాజ్ ఉంటే, అదీ అక్కర్లేదు, గొడ్డలే ఎత్తను.