పొట్ట మీద ఎర్ర తలుపు

మా తాతయ్య కుట్టిన చొక్కా వేసుకుంటే గాడిద కూడా గుర్రంలా నడుస్తుంది. కోతలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే మా మామయ్యను చూడండి. చొక్కా లేకుండా ఒకసారి, చొక్కాతో ఒకసారి.

తాతయ్య దర్జీ. మెట్ల కింద గదే ఆయన కొట్టు. అందులోకి వెళ్లాలంటే నేను తల వంచాలి, ఆయన వంచక్కర్లేదు. దేవుడు ఆయన్ని ఆ గది కొలతకే కత్తిరించి పంపాడు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడతాడు కాబట్టి సగం మాటలు ముక్కులోంచి వస్తాయి. తిట్టేటప్పుడు మాత్రం సూదులన్నీ తీసి పక్కన పెడతాడు. తిట్టు స్పష్టంగా ఉండాలి కదా.

ఎవరికి ఏం కావాలో అడిగే అలవాటు ఆయనకు లేదు. ఒంటి చుట్టూ టేపు తిప్పి, ఒక అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూస్తాడు. అంతే, అయిపోయింది. ఒళ్లంతా చారలు కావాలన్న లావుపాటి డ్రైవరుకు చారల్లేని చొక్కా కుట్టి ఇచ్చాడు.

"నేనడిగింది ఇది కాదు కదా మాస్టారూ!"

"అడిగింది నీ నోరు. నేను కుట్టింది నీ ఒంటికి."

ఆ డ్రైవరు గొణుక్కుంటూ తొడుక్కుని, అద్దంలో చూసుకుని, మిగతా గొణుగుడు మింగేసి వెళ్లిపోయాడు. ఇలాంటివి నాలుగు జరిగేసరికి తాతయ్యకు బాగా తలకెక్కింది. ఎక్కినదాన్ని దించింది మా పిడుగు.

పిడుగు అంటే మా పిన్ని కూతురు, తాతయ్యకు ఆఖరి మనవరాలు. పుట్టినప్పటి నుంచీ దానికి మింగడం చేతకాదు. పొట్టలోకి పోవాల్సింది ఊపిరితిత్తుల వైపు దారి తప్పుతుంది. మొదట్లో ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చెంపకు పట్టీ అంటించారు. పిల్ల దాన్ని పీకేయడం, పిన్ని ఏడవడం, మళ్లీ ఆసుపత్రికి పరుగు. చివరికి డాక్టరు పొట్టకే చిన్న దారి చేసి, మూత బిగించాడు. పాలైనా, జావైనా అటునుంచే పోయాలి.

"దీన్ని బటన్ అంటామండీ" అని డాక్టరు చూపించాడు. తాతయ్య కళ్లజోడు సవరించుకుని, వంగి చూసి, "గుండీకి కాజా శుభ్రంగా వచ్చింది" అని మెచ్చుకున్నాడు. ఆయన ఇంకొకరి కాజాను మెచ్చుకోవడం నేనైతే ఎప్పుడూ వినలేదు. ఆ సంగతి తెలియక డాక్టరు ఊరికే తలూపాడు.

అంతకుముందు దానికి తిండి పెట్టడమంటే దగ్గు, కన్నీళ్లు, పొద్దంతా యుద్ధం. ఇప్పుడు బుగ్గలు వచ్చాయి. బల్ల మీంచి దూకుతుంది, నా చెప్పులు దాచేస్తుంది. భోజనాల దగ్గర అందరితోపాటే కూర్చుంటుంది. డాక్టరు ఒప్పుకున్నాడు కాబట్టి వేలి కొసతో కూర కాస్త నాలుకకు రాసుకుని "ఉప్పెక్కువ" అని తీర్పు చెబుతుంది. వండినవాళ్లను ఏడిపించడానికి తినక్కర్లేదని దాన్ని చూశాకే నాకు తెలిసింది.

ఒకరోజు పక్కింటావిడ వచ్చి, "అయ్యో పాపం, నోటితో తినలేవా తల్లీ?" అంది.

"నువ్వు పొట్టతో తినలేవా? పాపం" అంది పిడుగు. పిన్ని నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

అంతలో బడికి పంపే వయసొచ్చింది. యూనిఫాం బూడిదరంగు గౌను, మెడ నుంచి మోకాళ్ల దాకా ఒకటే ముక్క. మధ్యాహ్నం పాలు పోయాలంటే గౌను మొత్తం పైకెత్తాలి. అందుకని భోజనం వేళ పిల్లను సామాన్ల గదిలో విడిగా కూర్చోబెడతామని బడివాళ్లు చెప్పారు. పిడుగు నేలకేసి కాళ్లు కొట్టింది. "నేను అందరితో బల్ల దగ్గరే తింటా. లేకపోతే నాకు బడే వద్దు."

"అన్నంత పనీ చేస్తుంది నాన్నా, మొండిది" అంది పిన్ని.

"ఎవరి మనవరాలనుకున్నావు మరి?" అంటూ తాతయ్య టేపు తీశాడు.

అలవాటు ప్రకారం కొలిచాడు, కన్ను మూశాడు. పిల్లను ఒక్క మాటా అడగలేదు. గౌను మడతల చాటున చీలిక పెట్టాడు. బటన్ చుట్టూ ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ వేశాడు. పైన కనబడని హుక్కులు. నేను ఎంత వెతికినా ఆ దారి దొరకలేదు.

"దొరకదురా" అని మురిసిపోయాడు తాతయ్య. "ఎవ్వరికీ దొరకదు."

అదే కొంప ముంచింది. పొద్దున పిన్ని బడి ఆయమ్మకు ఒకసారి చూపించే వచ్చింది గానీ, మధ్యాహ్నం బల్ల దగ్గర ఆయమ్మ మడతలన్నీ తడిమినా చీలిక చేతికి తగల్లేదు. మొదట చక్కిలిగింతలై పిడుగు కిలకిలా నవ్వింది. పక్క పిల్లలు తిండి వదిలేసి, ఇక్కడ చూడు, అక్కడ చూడు అంటూ చుట్టూ మూగారు. పాలు చల్లారిపోయాయి. నవ్వు కాస్తా ఏడుపైంది. ఆఖరికి ఆయమ్మ పిల్లను చంకనేసుకుని సామాన్ల గదికే తీసుకుపోయి, గౌను ఎత్తింది.

పిడుగు ఇంటికి రాగానే గౌను విప్పి తాతయ్య మిషన్ మీదికి విసిరికొట్టింది. "నీ గౌను నాకొద్దు. రేపటి నుంచి నేను వెళ్లను."

"పోనీలే నాన్నా, మానిపించేద్దాం" అంది పిన్ని. "అందరూ దాని చుట్టూ మూగి వింతగా చూశారట. ఇంట్లో ఉంటే ఆ బాధ లేదు కదా."

తాతయ్య గౌనును ఒళ్లో వేసుకుని, తాను పెట్టిన చీలికను తానే వెతకడం మొదలెట్టాడు. ఆయనకూ వెంటనే దొరకలేదు. నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి దాన్ని దగ్గు కింద మార్చేశాను.

అప్పుడు పెదాల మధ్య సూదులు తీసి డబ్బాలో వేశాడు. తిట్లకు సిద్ధమయ్యాను. కానీ ఆయన పిల్ల ఎదురుగా చతికిలబడి, "నీకెలా కావాలే?" అన్నాడు. నాకు ఊహ తెలిశాక ఆయన ఒకరి నోటిని అడగడం అదే మొదలు.

"తలుపు కావాలి."

"పెట్టాను కదే!"

"కనబడే తలుపు. ఎర్రది. ఇంత గుండీతో. అది నా నోరు తాతయ్యా. నువ్వు నోటికి ముసుగేసుకుని తింటావా?"

తాతయ్య పీలికల మూటలోంచి ఎర్రగుడ్డ లాగాడు. "ఇంకా?"

"గంట. తీసినప్పుడల్లా మోగాలి."

మర్నాడు పొద్దున్నే ఎర్ర తలుపు, కోటు గుండీ, గంటతో సహా పిడుగును వెంటబెట్టుకుని తాతయ్యా నేనూ బడికి వెళ్లాం. పెద్ద టీచరు గౌను చూసి కుర్చీలోంచి లేచింది.

"యూనిఫాం మీద ఎరుపా మాస్టారూ? రేపు ఇంకొకళ్లు పసుపు కావాలంటే నేనేం చెప్పను?"

తాతయ్యకు బతిమాలడం రాదు. అయినా ప్రయత్నించాడు. "కనబడకుండా కుట్టి పిల్లను ఏడిపించింది నేనేనమ్మా. ఇలా ఉంటే ఆయమ్మ చెయ్యి తిన్నగా వెళుతుంది. పిల్ల నలుగురితో కూర్చుంటుంది. వద్దంటే ఇది బడి మానేస్తుంది."

"ఏమ్మా, సామాన్ల గది నచ్చలేదా?" అంది పెద్ద టీచరు.

"అక్కడ చీపుళ్లున్నాయి. చీపుళ్లతో ఏం మాట్లాడను?"

పెద్ద టీచరు నవ్వు బిగబట్టుకుని గంటను వేలితో తట్టింది. అది ఖంగుమంది. వరండాలో వరసగా నిలబడ్డ పిల్లలు ఆటలకు వదిలారనుకుని గోలగా బయటికి పరుగెత్తారు. వాళ్లను వెనక్కి తోలేసరికి ఆవిడకు చెమటలు పట్టాయి.

"ఎరుపు ఉండనివ్వండి. గంట మాత్రం పీకేయండి. ఈ బడిలో గంట కొట్టేది నేనొక్కదాన్నే."

తాతయ్య అక్కడే దారం పంటితో తెంచి, గంటను జేబులో వేసుకున్నాడు. ఇంటికి పోదామంటే కదల్లేదు. భోజనాల వేళ దాకా గోడ నీడన నిలబడి, తర్వాత కిటికీ దగ్గరికి చేరాడు.

లోపల ఆయమ్మ గుండీ విప్పింది, గొట్టం తగిలించింది, సిరంజి ఎత్తి పట్టుకుని పాలు పోసింది. పిల్లలు ఒకసారి తొంగి చూశారు. దొంగతలుపు కాదు కాబట్టి వెతకడానికి ఏమీ లేదు. ఎవరి డబ్బాల్లోకి వాళ్లు తల దూర్చారు. పాలు మెల్లగా దిగుతుంటే పిడుగు పక్కన కూర్చున్నవాడితో అంటోంది: "నువ్వింకా నములుతూనే ఉన్నావా? నేను చూడు, తింటూనే మాట్లాడతా." వాడు నోటినిండా ముద్దతో జవాబు చెప్పబోయి ఆయమ్మతో చీవాట్లు తిన్నాడు. పిడుగుకు చీవాట్లు లేవు. దాని నోరు ఖాళీగానే ఉంది మరి.

తాతయ్య కిటికీ ఊచ వదల్లేదు. ముక్కు ఎగబీల్చాడు కూడా. జలుబన్నాడు. నమ్మినట్టు తలూపాను.

ఇప్పుడాయన కొట్టుకు ఎవరొచ్చినా "నీకేం కావాలి?" అని అడుగుతున్నాడు. పాతవాళ్లు బెదిరిపోయి, మీ తాతకు ఒంట్లో బాగానే ఉందా అని నన్ను చాటుగా ఆరా తీస్తున్నారు. పిడుగు మాత్రం ఒక్క రోజు కూడా బడి మానడం లేదు.

ఇంతవరకూ రాసి తాతయ్యకు చదివి వినిపించాను. "చివర్లో నీ గొప్పతనం గురించి ఒక ముక్క పెట్టాలి తాతయ్యా. ఏం రాయమంటావు?"

"గొప్పతనం లేదు, గాడిదగుడ్డూ లేదు. పిల్ల పొడుగైంది, తలుపు పైకి పోయింది, దించి కుట్టాలి. వెలుతురుకు అడ్డం లెగు."