డాక్టరమ్మ కారు, యేసోబు మేస్త్రి

మొన్న నేనెక్కిన బస్సు నార్కట్‌పల్లి దగ్గర చెడిపోయి ఆగింది. దిగి నిలబడితే రోడ్డు పక్క షెడ్డులోంచి ఒక వాసన వచ్చింది. ఎర్రగా కాలిన ఉక్కును నూనెలో ముంచినప్పుడు లేచే ఘాటు పొగ వాసన. కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. కొలిమి దగ్గరున్న మెకానిక్ తలెత్తి, "ఏం గావాలె పెద్దమనిషీ?" అని అడిగాడు. ఏం కావాలని చెప్పను? "ఏం లేదు బిడ్డా" అని వెనక్కి వచ్చాను. బస్సు బాగయ్యేదాకా ఒకచోట కూర్చోలేక రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. కొలిమి వాసన తగిలితే నాకు యేసోబు మేస్త్రి గుర్తొస్తాడు. ఆయనతోపాటు నేను చెప్పిన ఒక అబద్ధమూ గుర్తొస్తుంది.

యాభైల చివర్లో ఆయన షెడ్డు దేవరకొండలో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకుని వచ్చాడు. సన్నటి మనిషి, నిలకడ లేని చూపు. అన్నం తింటూ కూడా మధ్యలో లేచి వెళ్లి చేస్తున్న పనిని ఒకసారి తడిమి వచ్చేవాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండే బండి, దవాఖాన డాక్టరమ్మ కారు. ఇంగ్లండు నుంచి వచ్చిన, గుడ్డ టాపును వెనక్కి మడిచే పాత కారు అది. గడీ దొర హైదరాబాదుకు వెళ్లిపోతూ దవాఖానకు ఇచ్చిపోయాడు. ఒకప్పుడు ఆ కారును రోజూ తుడిచింది మేస్త్రి తండ్రే. తుడవడమే తప్ప అందులో ఎన్నడూ కూర్చోలేదు. డాక్టరమ్మ వెనక సీటు తీయించింది. టాపు మడిస్తే రోగిని మంచంతో సహా పైనుంచి దించవచ్చు, ఎండకో వానకో మళ్లీ టాపు వేసుకోవచ్చు. చుట్టుపక్కల గూడేలకు అంతకు మించిన బండి లేదు. అయితే అలాంటి కారు తయారవడం ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఏది విరిగినా బజారులో దొరకదు, చేసుకోవలసిందే.

నేను ఆయనకు పరిచయమైంది టాపు గుడ్డ వల్లనే. మాది మగ్గం పని. అప్పటికి నాకు పాతికేళ్లు, పెళ్లయింది, మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్లు పారిపోదామన్నట్టు ఉండేవి. మేస్త్రి మా వీధికొచ్చి చినిగిన పాత టాపు ముక్క చూపించి, ఇంత దట్టమైన గుడ్డ నేసేవాళ్లు ఎవరని అడిగాడు. రెండు పోగులు కలిపి నేశాను, అవిసె నూనె, మైనం పట్టించాను. ఆయన దాన్ని నాలుగు కర్రలకు కట్టి చెంబుడు నీళ్లు పోశాడు. కాసేపటికి అడుగున రెండు చుక్కలు కనబడ్డాయి.

"ఆపింది గదా మేస్త్రీ, జరంత కారింది, అంతే" అన్నాను.

"గా జరంత ఎవరి మీద పడ్తదో ఎర్కేనా? జ్వరంతోని పండుకున్నోళ్ల మీద. మల్ల నెయ్యి సత్తయ్యా."

మూడోసారికి గుడ్డ చుక్క కూడా కార్చలేదు. ఆ రోజే మగ్గం వదిలి ఆయన షెడ్డులో చేరాను. టాపు కమ్మీలు, తలుపు గడియలు, నీళ్ల పంపు లోపలి రెక్కలు, అన్నీ పాతదాన్ని కొలిచి కొత్తగా చేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పని నడుస్తుందని నేనంటే ఆయనకు చిరాకు. "నడుస్తదని నాకూ తెల్సు. ఎన్నొద్దులు నడుస్తదో చెప్పు" అనేవాడు. నాకేమో ఒకటి ముగిస్తే చాలు, ఇంకోటి పట్టుకోవాలని ఆత్రం.

ఒక ఎండాకాలం కారు వెనక చక్రాన్ని తిప్పే యాక్సిల్ విరిగింది. మేస్త్రి పాత లారీ యాక్సిల్ ఒకటి తెచ్చి, కోసి, సాన పట్టి, పాతదాని కొలతకు దించాడు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. అలా ముంచిన ఉక్కు గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ వేడి ఇసుకలో మెల్లగా కాగితేనే దానికి ఓర్పు వస్తుంది. తెల్లవారి దాన్ని వేడి ఇసుకలో పెట్టి, ఇంకో బండి బేరింగు కోసం నార్కట్‌పల్లి బస్సెక్కుతూ ఆయన చెప్పాడు: "రంగు నీలం దిగేదాంక ఇసుకల్నే ఉండాలె. నేనొచ్చేదాంక ముట్టకు."

మధ్యాహ్నం డాక్టరమ్మ ఎండలో నడుచుకుంటూ షెడ్డుకు వచ్చింది. వెంట ఎల్లయ్య అనే కూలీ మనిషి. అతని భార్యకు నొప్పులు మొదలై రెండు రోజులైందట, బిడ్డ అడ్డం తిరిగిందట.

"కారు నడుస్తుందా సత్తయ్యా?" అని అడిగింది.

ఇసుక తవ్వి చూశాను. ఉక్కు ఇంకా ఎండుగడ్డి రంగులోనే ఉంది. నీలానికి చాలా దూరం. నిజం చెప్పాలంటే నన్ను తొందరపెట్టింది ఆ తల్లి నొప్పులొక్కటే కాదు. మేస్త్రి లేకుండా నేనొక్కణ్నే కారు కదిలించానని అనిపించుకోవాలన్న ఆత్రం కూడా. గంటలో బిగించేశాను.

"నమ్మొచ్చా?" అంది డాక్టరమ్మ స్టీరింగు ముందు కూర్చుంటూ.

"ఫికర్ లేదమ్మా" అన్నాను.

గూడేనికి బాగానే వెళ్లాం. మంచం దించుకుని టాపు వేసి తిరుగు ప్రయాణమయ్యాం. గుట్ట ఎక్కుతుంటే వెనకనుంచి టప్పుమని చప్పుడు. ఇంజను తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. చేలల్లో ఉన్న ఇద్దరిని పిలిచి, వాళ్లూ నేనూ ఎల్లయ్యా తలో కోడు పట్టుకుని మంచాన్ని భుజాలకెత్తుకున్నాం. రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ల దూరం. డాక్టరమ్మ ఆ తల్లి చెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది. తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

కారు నడిచి ఉంటే బిడ్డ దక్కేదా అని తర్వాత డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేను" అంది. ఆ మాట నన్ను ఈనాటికీ కుదురుగా ఉండనివ్వదు.

యాక్సిల్ విరిగిన మర్నాడు, ఊరినుంచి వచ్చిన మేస్త్రి ఆ ముక్కను వెలుగులోకి పట్టుకుని చూశాడు. విరిగిన చోట ఉక్కు చక్కెర పలుకుల్లా మెరుస్తోంది, పెళుసు ఉక్కు విరిగినట్టే.

"ఎప్పుడు తీసినవ్?"

"నీలం దిగినంకనే తీసిన" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూడలేదు. చేతులు కడుక్కుని, "నడువ్" అన్నాడు. నడిచి గూడేనికి వెళ్లాం. ఎల్లయ్య గుడిసె ముందు మేస్త్రి తలగుడ్డ తీసి నిలబడ్డాడు. "ఎల్లయ్యా, ఇరిగింది నా షెడ్డుల చేసిన పని. తప్పు నాది."

ఆయన తలవంచుకుని అలా నిలబడటం చూశాక నా నోరు ఆగలేదు. "కాదు. ముట్టకు అని చెప్పిపోయిండు. నేనే ముందుగాల తీసిన. ఇందాక మేస్త్రికి గూడ అబద్ధం చెప్పిన."

ఎల్లయ్య నా వైపు తిరిగాడు. "నాకు గీ ఇనుము ముచ్చట తెల్వదు. నువ్వు ఫికర్ లేదన్నవ్. గా మాట నేనిన్న" అని లోపలికి వెళ్లిపోయాడు.

నన్ను పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. దారిలో మేస్త్రి ఒక్కటే అన్నాడు: "తొందరపడ్డందుకు నేనేమన. ఆడ మనిషి పాణం పోతాంటె తొందర పడకుంటె ఎట్ల? గని గిది ఇంక పచ్చిగున్నదని డాక్టరమ్మకు చెప్పాలె గద. మెల్లగ తోలేది, లేకుంటె ఎడ్లబండి కట్టిచ్చేది. ఏం చేసుడో ఆమె ఇష్టం. నువ్వు గా ఇష్టాన్ని గుంజుకున్నవ్."

కొత్త యాక్సిళ్లు రెండు నా చేతనే చేయించాడు. మొదటిది నీలం దిగాక, దాన్ని వైసు పట్టులో బిగించి సుత్తితో నన్నే విరగ్గొట్టమన్నాడు. ఎన్ని దెబ్బలకు వంగింది, ఎక్కడ విరిగింది, లోపలి పలుకు ఎలా ఉంది, అన్నీ చూపించాడు. రెండోది కారుకు ఎక్కింది. కారు గూడేలకు వెళ్లిన ప్రతిసారీ మేస్త్రి షెడ్డులో నిలవలేకపోయేవాడు. రోడ్డు దాకా వచ్చి, బీడీ ముట్టించి, ఆర్పి, మళ్లీ ముట్టించి, తిరిగొచ్చే కారు దుమ్ము కనబడేదాకా చూసేవాడు. ఆ యాక్సిల్ మళ్లీ విరగలేదు. డాక్టరమ్మ బదిలీ అయి వెళ్లేదాకా నడిచింది. ఎల్లయ్య మాత్రం దారిలో కనబడితే మేస్త్రిని పలకరించేవాడు, నన్ను పలకరించేవాడు కాదు. అందుకు నాకతని మీద కోపం రాలేదు.

మేస్త్రి పోయాక ముప్పై ఏళ్లు నేనే షెడ్డు నడిపాను. బండి ఇచ్చేటప్పుడు ఏది గట్టిగా ఉందో, ఏది అనుమానమో మొదటే చెప్పేసేవాణ్ని. అది విని కొందరు వేరే షెడ్డుకు పోయారు. పోనీ అనుకున్నాను. ఇప్పుడు షెడ్డు మా అల్లుడిది. అయినా బాగుచేసిన బండి ఏదైనా దూరం వెళ్లిందంటే, నేను గడప దగ్గరే తచ్చాడుతుంటాను. "పోయింది గద, ఇగ జర కూసోరాదా" అంటుంది నా భార్య. కూర్చుంటానంటాను. బండి చేరిందని కబురొచ్చేదాకా నిలబడే ఉంటాను.