నీళ్ళు తాగని దొంగ

ఆ రోజుల్లో మా ఉద్దానం పల్లెల్లో పగటిపూట ఇంటికి తాళం వేయడమంటే పక్కింటివాళ్ళను ముఖం మీదే అవమానించినట్టు లెక్క. అన్నీ వరస ఇళ్ళు. ఒకరి గోడే ఇంకొకరికీ గోడ. వీధి తలుపు దగ్గర నిలబడితే పెరటి తలుపులోంచి కొబ్బరిచెట్లు కనిపించేవి. అలాంటి ఊళ్ళో నేను ఒక వేసవంతా కాపలా కమిటీ కార్యదర్శిగా వెలగబెట్టానంటే మా పిల్లలు నమ్మరు. ఆ రోజులంటే రాజుల కాలం కాదు లెండి, చేతుల్లో సెల్‌ఫోన్లున్న కాలమే. టెక్కలిలో డిగ్రీ పూర్తిచేసి, పెట్టెతో సహా ఇంటికొచ్చి, ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నానని అందరికీ చెప్పుకుంటున్న రోజులు. (ప్రిపేరవడమంటే మా నాన్న లెక్కలో, ఒక భోజనానికీ ఇంకో భోజనానికీ మధ్య పడుకోవడం.)

జీడిపిక్కలు రాలే కాలం వస్తే తెల్లారేసరికి ఊరు ఊరంతా తోటల్లోకి వెళ్ళిపోతుంది. పగలు ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళూ, జబ్బుమనుషులూ, కోళ్ళూ, నాలాంటివాళ్ళూ. ఆ ఏడు పక్క ఊళ్ళోకి దుప్పట్లు అమ్ముతామంటూ ఎవరో వచ్చి, మిట్టమధ్యాహ్నం ఒక ఇంటి బీరువా ఊడ్చుకుపోయారు. దాంతో ఎస్సైగారు మా ఊరు కూడా వచ్చి మీటింగు పెట్టి, పగటి కాపలాకు స్వచ్ఛందంగా ఎవరొస్తారని అడిగారు. అందరూ నేలచూపులు చూశారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న మా అక్క మాత్రం వెనక్కి తిరిగి నన్నొకసారి చూసింది. వీడివల్ల ఏమవుతుంది అన్న చూపు అది. దేశసేవ మీద నాకంత మమకారమేమీ లేదు గానీ, ఆ చూపు భరించలేక చెయ్యెత్తాను. ఎస్సైగారు చప్పట్లు కొట్టించి, ఒక విజిలూ లాఠీలాంటి కర్రా నా చేతిలో పెట్టి జీపెక్కేశారు.

కమిటీకి అధ్యక్షుడు మిలట్రీ మావ. మా అమ్మకు వరసకు తమ్ముడవుతాడు. సైన్యంలో చేసి రిటైరై వచ్చాడు. (అక్కడ ఆయన చేసింది వంటపని అని ఊళ్ళో ఒక మాట ఉండేది. ఆయన మీసం ఎదుట ఆ మాట ఎవరూ అనలేదు.) కొత్త మనిషి కనిపిస్తే మూడే ప్రశ్నలడగాలని మావ నియమం పెట్టాడు: ఎవరింటికొచ్చావు, ఏం పనిమీదొచ్చావు, నిన్నెరిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరు. ఒక్కదానికి జవాబు తప్పినా యువజన సంఘం అరుగు మీద కూర్చోబెట్టడమే. నేను ఆ పనిని ఎంత నిష్ఠగా చేశానంటే, మొదటి వారంలోనే గ్యాసుబండి కుర్రాణ్ణి అరుగెక్కించాను. ఆ తర్వాత మా వీధికే కొత్తల్లుడిగా వచ్చినాయన్ని నిలబెట్టి, నిన్నెరిగినవాళ్ళెవరని అడిగాను. ఆయన అలిగి బస్సెక్కబోతే, ఆ ఇంటి అత్తగారు చీపురుతో సహా వచ్చి కమిటీ మొత్తాన్ని కడిగేసింది. అయినా నేను తగ్గలేదు. విజిలు మెళ్ళో వేసుకునే అన్నం తినేవాణ్ణి.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. నవ్వుతూ చెప్పే సంగతి కాదు. మా నాన్నకు కిడ్నీ జబ్బు. వారం వారం పలాస ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయించాలి. మా కవిటి చుట్టుపక్కల ఇంటికొకరో ఇద్దరో అలాంటివాళ్ళున్నారు కాబట్టి అదొక వింతగా కూడా ఎవరూ చెప్పుకోరు. నీళ్ళవల్లేనని కొందరు, కాదని కొందరు. వచ్చిన పెద్ద పెద్ద డాక్టర్లు సీసాల్లో మా నీళ్ళు పట్టుకెళ్ళడమే గానీ, మాకు అర్థమయ్యేలా తేల్చి చెప్పింది లేదు. మా అక్క బీఈడీ చేసి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. చక్కని పిల్ల, మాటకారి. ఫోటో చూసి ప్రతివాళ్ళూ ఇష్టపడేవారు. ఊరి పేరు చెప్పగానే ఫోన్లు ఎత్తడం మానేసేవారు. ఒకటి రెండు సంబంధాల వాళ్ళు ఇంటిదాకా వచ్చారు గానీ, మేమిచ్చిన షర్బతు గ్లాసులు ముందు పెట్టుకుని, పెదవికి తాకించకుండా లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక ఆ నిండు గ్లాసులను పెరట్లో పారబోసి కడిగేది అక్కే. మా అమ్మ మాత్రం గది తలుపు వేసుకునేది.

ఆ వేసవిలో టెక్కలి నుంచి ఇంకో సంబంధం కదిలింది. అబ్బాయి ఏదో ఆఫీసులో క్లర్కు, బుద్ధిమంతుడు, ఫోటో చూసి సరేనన్నాడట. పెద్దవాళ్ళు ఆలోచించుకుని చెబుతామన్నారు. ఇది కూడా జారిపోతే ఇక నన్నెవరికీ చూపించకండి అని అక్క అమ్మతో అనడం నేను విన్నాను. అమ్మ ఫోను కొంగులో కట్టుకుని తిరిగేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కొట్టు పిన్ని ఆయాసపడుతూ అరుగు దగ్గరకొచ్చింది. (కొట్టు ఆవిడదే, మాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ పిన్నే.) తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు కొట్లో నిలబడి, నీలం తలుపుల ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఇంటాయన ఏ రోజు పలాస వెళ్తాడు, వెళ్తే తోడెవరెళ్తారు, వాళ్ళు వాడేది ఏ నుయ్యి అని అడిగాడట. నీలం తలుపుల ఇల్లు మాదే. నా ఒళ్ళు మండిపోయింది. నాన్న ఆస్పత్రికెళ్ళే రోజు కనుక్కుని ఇల్లు దోచాలనుకునేవాడు మనిషేనా? మావ కర్ర తీశాడు, నేను విజిలు ఊదాను. మేం వెళ్ళేసరికి ఆ మనిషి మా వీధి నూతి గట్టు మీద చేతులానించి, లోపలికి తొంగిచూస్తున్నాడు.

మూడు ప్రశ్నలూ అడిగాను. ఎవరింటికంటే నసిగాడు. ఏం పనంటే కొబ్బరికాయల బేరమన్నాడు. కాయల బేరగాడివి తోటలోకెళ్ళక నూతిలోకి ఎందుకు చూస్తున్నావని మావ అడిగితే గట్టు మీంచి చేతులు తీసేశాడు. ఎరిగినవాళ్ళెవరంటే చెమట తుడుచుకున్నాడు. మూడింటికి మూడూ తప్పిన మొదటి మనిషి! చెప్పొద్దూ, నా జన్మ సార్థకమైందనిపించింది. పరీక్షలు ఒక్కటీ పాసవకపోయినా ఈ ఒక్క దొంగతో ఊళ్ళో తలెత్తుకు తిరగొచ్చు. అరుగు మీద కూర్చోబెట్టి, ఎస్సైగారికి ఫోను చేస్తే ఆయన ఎక్కడో బందోబస్తులో ఉన్నారు, సాయంత్రం వస్తామన్నారు.

పట్టుబడ్డవాడైనా సరే, మన చేతిలో ఉన్నంతసేపూ అన్నం నీళ్ళూ చూడాలన్నది మిలట్రీ నియమమని మావ చెప్పాడు. (వంటపని చేశాడన్న మాట నిజమేనేమోనని నాకు అప్పుడే అనిపించింది.) నేను ఇంటికి కబురంపితే, బడికి సెలవులని ఇంట్లోనే ఉన్న అక్క పళ్ళెంలో అన్నం, చారు, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎండ మండిపోతోంది. ఆయన పెదాలు ఎండిపోయాయి. చంకలో ఉన్న ప్లాస్టిక్ సీసా ఖాళీ అయిపోయింది. అయినా చెంబు ముట్టుకోలేదు. మందేదో కలిపామని అనుమానిస్తున్నాడనుకుని, మావ చెంబెత్తి గటగటా సగం తాగి చూపించి మళ్ళీ ఆయన ముందు పెట్టాడు. దాహంగా లేదన్నాడు ఆయన. ఆ మాట అనడానికి కూడా నోరు తడిలేక రెండుసార్లు ఆగాడు.

అక్క కాసేపు ఆ చెంబునే చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఈయన దొంగ కాదురా. దొంగైతే ఈపాటికి సెంబు కాళీ సేసీసును. మన నీళ్ళు ముట్టుకోనోలు మనింటికి ఒక్క పనిమీదే వొస్తారు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక, మెడలో విజిలు రాయిలా బరువెక్కింది. పిల్లనిచ్చే ఊరికి ముందుగా గుట్టుగా ఒక మనిషిని పంపి వాకబు చేయించడం మా వైపు ఆనవాయితీ. వచ్చినవాడు తానెవరో చెప్పకూడదు, చెబితే నిజం బయటికి రాదు. అలాంటి మనిషి నా మూడు ప్రశ్నలకు ఏమని జవాబు చెబుతాడు? మా అక్క పెళ్ళిని నేనే అరుగెక్కించి, కర్ర పట్టుకుని కాపలా నిలబడ్డాను.

అక్క వెళ్ళిపోలేదు. ఆయనకెదురుగా మెట్టు మీద కూర్చుంది. పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది.

"కొట్లో అడిగినవన్నీ నన్నడగండి మావయ్యగారూ. మా నాన్నకి జబ్బుంది. మా తాత దాంతోనే పోనారు. నేను మొన్న పరీచ్చ సేయించుకున్నాను, ఇప్పటికైతే ఏటీ లేదు. రేపేటవుద్దో నాకూ తెలీదు, మీకూ తెలీదు. నేను తాగి పెరిగింది మీరు తొంగిసూసిన ఆ నూతి నీళ్ళే. ఇంతకంటే కొట్టు పిన్నికి కూడా తెలీదు."

ఆయన తల దించుకున్నాడు. తాను అబ్బాయికి మేనమామనని, చెల్లెలు పంపితే వచ్చానని మెల్లగా చెప్పాడు.

"కుర్రోడికి నువ్వు నచ్చీసావు తల్లీ. మా సెల్లెలికే బయం. ఆ ఊల్లో నీళ్ళు ముట్టుకోనని నాసేత ఒట్టేయించుకుంది."

అక్క నన్ను పిలిచి, ఎండనపడి వచ్చిన మనిషి అలా ఎండిపోకూడదు, కొబ్బరిబొండం దింపి కొట్టి ఇవ్వమంది. నేను విజిలు తీసి జేబులో వేసుకుని, అరుగు వెనక పెరట్లో చెట్టెక్కాను. ఆ బొండాన్ని ఆయన రెండు చేతులా పట్టుకుని ఎంత ఆత్రంగా తాగాడో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సగం తాగాడు. అప్పుడు మా మిలట్రీ మావ, ఎంతో ఓదార్పుగా, అసలు ఎవరూ అడగని మాట అన్నాడు.

"అదీ ఈ నేల నీళ్ళే గదా బావూ. సెట్టు మరేటి తాగుద్ది?"

ఆ క్షణంలో నాకు మావ మీసం పీకేయాలనిపించింది. ఆయన బొండం దించి దానివైపు చూశాడు. చెట్టువైపు చూశాడు. అక్క వైపు చూశాడు. అక్క కళ్ళు తిప్పుకోలేదు. ఆయన ఒక్క నవ్వు నవ్వి, సగం తాగీసినాక ఇంకేటి సేత్తాం అని మిగతాది కూడా తాగేసి, లేతకొబ్బరి తీసిమ్మని బొండాన్ని నాకందించాడు. తర్వాత మా ఇంటికొచ్చి నాన్న మంచం పక్కన కూర్చుని, వరి గురించీ వానల గురించీ చాలాసేపు మాట్లాడి బస్సెక్కాడు. సాయంత్రం జీపులో వచ్చిన ఎస్సైగారికి దొంగేడని అడిగితే చూపించడానికి అరుగు మీద బొండం డొల్ల తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఫోను మోగినప్పుడల్లా అమ్మ నావైపు చూసేది, నేను గోడవైపు చూసేవాణ్ణి. సంబంధం తప్పితే అది నా విజిలు వల్లేనని ఇంట్లో ఎవరూ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండేది. చివరికి జీడిపిక్కల కాలం అయిపోవస్తుండగా కబురొచ్చింది, పెళ్ళిచూపులకు వస్తున్నామని. వచ్చారు. అబ్బాయి తల్లి తన సీసా తానే తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. పాపం, ఆవిడ భయం ఆవిడది. షర్బతు గ్లాసులు వరసగా నిండుగానే ఉన్నాయి. అప్పుడు మేనమామగారు గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా నూతి నీళ్ళు ఒక చెంబుడు ఇమ్మన్నాడు. చెల్లెలు ఉలిక్కిపడింది. అక్క చెంబు తెచ్చింది. ఆయన చుక్క మిగల్చకుండా తాగాడు. తర్వాత పెళ్ళికొడుకు కూడా తన గ్లాసెత్తాడు. లోపల తలుపు చాటున మా అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను గానీ అది చెమటని చెప్పాను.

తొలకరితో కమిటీ రద్దయిపోయింది. నాన్న అక్క పెళ్ళి చూసి, మనవణ్ణి ఎత్తుకుని, తర్వాత వెళ్ళిపోయారు. మిలట్రీ మావా లేడు. అక్క టెక్కలిలో పాఠాలు చెబుతోంది, ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటోంది, ఇప్పటికైతే ఏమీ లేదు. నేను టెక్కలి వెళ్తే చాలు, బావ గుమ్మంలోనే నిలబెట్టి ఎవరింటికొచ్చావు, ఏం పనిమీదొచ్చావు, నిన్నెరిగినవాళ్ళెవరు అని అడుగుతాడు.

మొన్నామధ్య మా చిన్నాన్న కొడుక్కి జలంత్రకోటలో సంబంధం చూశారు. (అదీ మా ఉద్దానమే, అక్కడా ఇదే జబ్బు.) వాకబుకు నన్ను పంపారు. ఎవరికీ చెప్పొద్దంటూ చిన్నమ్మ నాకు రెండు లీటర్ల నీళ్ళ సీసా ఇచ్చింది. ఊళ్ళోకి అడుగుపెట్టి నాలుగిళ్ళు దాటానో లేదో, చేతుల్లో ఫోన్లతో కుర్రాళ్ళు చుట్టుముట్టారు. ఈమధ్య కొత్త మనుషులు తిరుగుతున్నారట, వీధికాపలా పెట్టుకున్నారట. అందరికంటే బిగుసుకుని నిలబడ్డ ఒకడు, ఎవరింటికండీ అని అడిగాడు. ఆ మొహం ఎక్కడో చూశాననిపించింది. అద్దంలో చూశాను లెండి. కొబ్బరికాయల బేరం అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఫలానా వాళ్ళ ఇంటికి, వాళ్ళమ్మాయిని మా తమ్ముడికి అడగడానికొచ్చానని చెప్పేశాను. కుర్రాళ్ళు బిత్తరపోయి, దగ్గరుండి ఆ ఇంటిదాకా దిగబెట్టారు. ఆ ఇంట్లో పెద్దాయన మంచం మీద ఉన్నాడు. మా నాన్న చేతికున్నట్టే ఆయన చేతికీ సూదులు గుచ్చిన చోట ఉబ్బు ఉంది.

తిరిగి వస్తూ బస్సులోంచి అక్కకు ఫోను చేశాను. పిల్ల ఎలా ఉందని గానీ, ఇల్లెలా ఉందని గానీ అడగలేదు ఆమె.

"నీళ్ళిచ్చారా?" అంది.

ఇచ్చారన్నాను.

"తాగీసావా?"

తాగేశాను అన్నాను. చిన్నమ్మ ఇచ్చిన సీసా, మూత తియ్యకుండానే, పక్క సీట్లో నాతోపాటు ఊరికొస్తోంది.