గద్దీ పక్కన కుర్చీ

మా బాపుకు బట్ట చూపించి ఏమార్చగల మనిషి పాతబస్తీలో ఇంకా పుట్టలేదు. కుర్చీ చూపించి ఏమార్చడం మాత్రం చిటికెలో పని. ఆ సంగతి నాకు యాకుత్‌పురాలో ఒక కుర్చీల దుకాణంలో తెలిసింది.

మాది తాతల నాటి బట్టల కొట్టు. అందులో కుర్చీ అన్నదే ఉండేది కాదు. నేలంతా మందపాటి పరుపు, దాని మీద సబ్బు వాసన పోని తెల్ల దుప్పటి. దాన్నే గద్దీ అంటాం. యజమానీ దాని మీదే, గిరాకీ దాని మీదే. చెప్పులు విప్పి, మఠం వేసుకుని కూర్చుంటే మధ్యలో తానులు దొర్లుతాయి. ఎవరూ ఎవరికంటే ఎత్తులో కూర్చోరు. బాపుకు ఇది వ్యాపారం కంటే పెద్ద విషయం.

అలాంటి బాపు మోకాళ్లు మొరాయించాయి. నేల మీద కూర్చోవడం ఇక కుదరదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కుర్చీ వద్దంటే కొట్టు మానుకుని ఇంట్లో ఉండాలి. ఇంట్లో ఉన్న కొన్నాళ్లలోనే వంటింటి డబ్బాలన్నీ రంగుల వారీగా సర్దేసి అమ్మతో తిట్లు తిన్నాడు. తర్వాత కిటికీ దగ్గర చేరి తన ఖాళీ చేతులను చూసుకుంటూ ఉండేవాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఆఫీసు లేని ఒక ఆదివారం ఆయన్ను కుర్చీల దుకాణానికి లాక్కెళ్లినంత పని చేశాను.

"గంత ఎత్తు మీద నేను, కింద గిరాకీనా? దర్బార్ నడిపిస్తున్ననా బిడ్డా?" దారంతా ఇదే లొల్లి.

దుకాణంలో అడుగుపెట్టగానే మనిషి మారిపోయాడు. ఒక నీలిరంగు మెత్త కుర్చీని పట్టుకుని దాని బట్టను బొటనవేలితో రుద్దాడు. ఐమూలగా లాగాడు. తడివేలితో తుడిచి రంగు దిగుతుందేమో చూశాడు. అంచున వేలాడుతున్న పోగు పీకి, "అగ్గిపెట్టె ఉన్నదా భాయ్?" అన్నాడు. కాలిస్తే నూలో కాదో వాసనే చెబుతుందట. దుకాణదారుడికి చెమటలు పట్టాయి.

"అరె చచ్చా, ఆగ్ నక్కో!" అంటూ నిప్పు పెట్టనివ్వకుండా కుర్చీకి అడ్డం నిలబడ్డాడు.

"అవ్వల్ మాల్. గిదే తీస్కుందాం," అని బాపు తీర్పు చెప్పేశాడు.

నేను సీటు మధ్యలో అరచేత్తో నొక్కాను. చెయ్యి నేరుగా అడుగుదాకా దిగిపోయింది. లోపల స్పంజి పేరుకే ఉంది. తిరగేసి చూస్తే అడుగున పట్టీలు వదులుగా వేలాడుతున్నాయి, పిన్నులు సగం బయటికి వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. పక్కనే ఒక మట్టిరంగు కుర్చీ ఉంది. నొక్కితే దిగింది, చెయ్యి తీయగానే మళ్లీ పొంగింది. ఊపి చూస్తే కిర్రుమనలేదు. ధర కూడా తక్కువే. దాని బట్ట అంత వికారంగా ఉంది మరి.

"గీ బట్ట మన దుకాణంల పెడితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మీద బట్ట మార్చుకోవచ్చు బాపూ, మన కొట్టు నిండ ఉన్నది బట్టనే గదా! ముందుగాల కూసొని చూడు."

కూర్చోలేదు. అప్పుడు గమనించాను, వచ్చినప్పటి నుంచి ఏ కుర్చీలోనూ ఆయన కూర్చోలేదు. కూర్చుంటే ముసలివాడినైపోయానని ఒప్పుకున్నట్టేనని ఆయన భయం. నా కోపమంతా దిగిపోయి దిగులు మిగిలింది. ఇక ఆయన్ను అడగకుండానే మట్టిరంగు కుర్చీని ఆటో ఎక్కించాను.

దానికి తొడుగు మాత్రం బాపే ఎంచాడు. గద్దీ మీద పరిచే తెల్ల బట్టే. కుట్టించి, గద్దీ పక్కనే పెట్టించాడు. అంతా చేసి తాను మాత్రం గోడకు ఆనుకుని నిలబడే బేరాలు చేశాడు. మొండిఘటం!

మరుసటి ఆదివారం నేను కొట్లో ఉండగా దబీర్‌పురా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్లింట్లో ఏ పెళ్లయినా బట్టలు మా దగ్గరే. అలాంటిది ఈ మధ్య రావడం మానేసింది. వేరే కొట్టు మరిగిందని బాపు లోలోపల బాధపడ్డాడు కూడా. ఆమె గద్దీ వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆపా, ఇధర్ బైఠియే," అని బాపు కుర్చీ ముందుకు జరిపాడు.

ఆమె మెల్లగా కూర్చుని కళ్లు మూసుకుంది. "క్యా కరూఁ భాయ్, నీచే బైఠే తో ఉఠ్నా నై హోతా." కింద కూర్చుంటే మళ్లీ లేవలేకనే ఇన్నాళ్లూ రాలేదట. ఇంకెక్కడా కొనబుద్ధి కాక మనుమరాలి పెళ్లి బట్టల పని వాయిదా వేస్తూ వచ్చిందట.

బాపు నిలబడే తానులన్నీ విప్పి చూపించాడు. ఆమె వెళ్లాక నా వైపు తిరిగాడు.

"బిడ్డా, గసుంటిదే ఇంకొకటి తేవాలె. నడువు."

"ఇంకొకటి ఎవలకు?"

"ఆపా కుర్చీల కూసుంటే నేను నిలబడి చూపియ్యాల్నా ఏంది? సమానంగ కూసోవద్దా?"

ఈసారి యాకుత్‌పురా దుకాణంలో ఆయన ఏ బట్టనూ ముట్టుకోలేదు. దుకాణదారుడు అగ్గిపెట్టె దాచుకుంటుంటే, నేరుగా వెళ్లి అలాంటి మట్టిరంగు కుర్చీలోనే కూర్చున్నాడు. కాళ్లు చాపాడు. ఆటో వచ్చింది, పోదామా అని అడిగాను.

"ఆగు బిడ్డా," అన్నాడు. "జర కూసోనియ్యి."