బిళ్ళలు దాటని గుమ్మం

మామిడికుదురు దాటి వైనతేయ గోదావరి గట్టు దిగితే వచ్చే లంకలో, సత్యనారాయణమ్మ మినుములు దాచే పద్ధతి చూసి నవ్వని వాళ్ళు లేరు. నవ్వితే నవ్వారు, ఆవిడకేం పోయింది? చిన్నప్పుడు ఆవిడకి వస కాస్త ఎక్కువే పోసి ఉంటారు. నవ్విన వాళ్ళకి అక్కడికక్కడే నాలుగు మాటలు వడ్డించి, మళ్ళీ చేట అందుకుని మినుములు చెరుక్కుంటూ కూర్చుంటుంది.

ఊళ్ళో తక్కిన వాళ్ళందరివీ గ్యాసు బిళ్ళలే. ఎరువుల కొట్లో చిన్న డబ్బాల్లో అమ్ముతారు. రెండు బిళ్ళలు గుడ్డ పీలికలో మూటగట్టి, బస్తాలోకి దూర్చి, మూతి కుట్టేస్తే చాలు, పెంకు పురుగన్నది మిగలదు. అంత తేలిక పని ఉండగా సత్యనారాయణమ్మ మట్టి బానలూ ఆకులూ పట్టుకుని వేలాడుతుంది. మినుము నూర్చగానే టార్పాలిన్ మీద పరిచి, పంటి కింద పెడితే టక్కుమని విరిగేదాకా ఎండబెడుతుంది. కాలవ గట్టున వావిలి కొమ్మలు విరిచి తెచ్చి, వాటిని మాత్రం నీడనే ఆరబెడుతుంది. పచ్చాకు వేస్తే గింజకి బూజు పడుతుంది, ఎండలో పెడితే ఆకులో వాసన ఎగిరిపోతుంది. బానలో ఒక వరస గింజ, ఒక వరస వావిలాకు, మధ్యలో పెరటి రుద్రజడ కంకులు, దంచిన వస కొమ్ముల పొడి. అంచుదాకా నిండాక మూకుడు బోర్లించి, పేడా మట్టీ కలిపి మూతి మెత్తేస్తుంది. ఆ మూత మళ్ళీ తీసేది కోతల ముందే, వరి చేలో తడి ఉండగా మినుములు చల్లేటప్పుడే. మధ్యలో తీస్తే గింజకి పొలి పోయి, రాశి పెరగదని అత్తగారు సుబ్బమ్మ గారు చెప్పారు. అత్తగారి మాట ఆవిడకి గీత గీసినట్టే.

ఇంత పట్టుదల ఎందుకొచ్చిందో ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఒకప్పుడు ఆవిడ ఇంట్లోనూ బిళ్ళలే. భర్త సూరయ్య కౌలు రైతు. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఇంట్లో ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. ఒక ఏడు ముసురు పట్టి, వసారా అంతా జల్లు కొడుతుంటే, సూరయ్య బస్తాలన్నీ మధ్య గదిలోకి లాగాడు. వాటిలో బిళ్ళల మూటలు దూర్చాడు. చల్లగాలి కొట్టకుండా ఇంటి తలుపులూ కిటికీలూ బిగించుకుని, బస్తాల పక్కనే మంచం వేసుకున్నాడు. సత్యనారాయణమ్మ ఆ వేళ ఐ.పోలవరంలో తమ్ముడింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి వాకిట్లో జనం.

చూసిన వాళ్ళు గుండె ఆగిపోయిందన్నారు. ఆవిడ మధ్య గదిలో అడుగు పెట్టగానే వెల్లుల్లి కుళ్ళినట్టు ఒక వాసన ముక్కుకి కొట్టింది. బస్తాల వైపు చూసింది, మంచం వైపు చూసింది. అర్థమైపోయింది. చెప్పబోతే కొడుకు హరిబాబు చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు.

“బిళ్ళల మాట ఎత్తకే అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఈ చుట్టుపక్కల బిళ్ళలన్నామంటే మింగేడనే అనుకుంటారు. నాన్న అలాంటి పని చేసేడని జనం చెప్పుకోవాలా?”

అన్నీ మాట్లాడే మనిషి ఆ ఒక్క మాటా మింగేసింది. సూరయ్య గుండె జబ్బుతో పోయాడని ఊరు ఖాయం చేసుకుంది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ మిగిలిన బిళ్ళల డబ్బా కొట్టువాడికి తిరిగిచ్చేసి, “ఇక ఇవి నా గుమ్మం దాటి రావడానికి వీల్లేదు” అంది. ఎందుకంటే చెప్పలేదు. మొగుడు పోయి మతి చలించిందని కొందరన్నారు. అననీ అనుకుంది గానీ, రోజూ లోపల కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

రెండేళ్ళు బానలు బాగానే కాశాయి. ఆవిడని చూసి లంకలో ఆడవాళ్ళు కొందరు తమ విత్తనం మినుములు కూడా ఆవిడ బానల్లోనే పెట్టుకున్నారు. పోయినేడు మాత్రం పరువు పోయింది. చల్లడానికి బానలు తెరిస్తే గింజ కంటే పురుగే ఎక్కువ ఉంది. ఒక్కో మినుముకీ ఒక్కో బొక్క. “సత్యనారాయణమ్మ గారు పురుగుల్ని బాగా మేపేరండోయ్” అని రేవులో నవ్వుకున్నారు. హరిబాబు అందరిళ్ళకీ తిరిగి వేరే విత్తనం తెచ్చి ఇచ్చి, తలకాయ దించుకుని ఇంటికొచ్చాడు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. తెల్లారి లేచి మళ్ళీ కాలవ గట్టుకే వెళ్ళింది, వావిలాకుకి. అది చూసి నలుగురు ఆడవాళ్ళు ఈ ఏడూ తమ గింజ ఆవిడ బానల్లోనే పెట్టారు.

ఈ ఏడు శ్రావణం ముసురులో కోడలు రమ్యశ్రీ పుట్టింటి నుంచి మూడు నెలల పాపతో వచ్చింది. వంటిల్లు కాక ఉన్నవి రెండు గదులు. ముందు గది కారుతోంది. పాపకి ఉయ్యాల మధ్య గదిలోనే కట్టారు. బానలూ అక్కడే, ఈసారి పంట బాగా వచ్చి బానల్లో పట్టక మిగిలిన మూడు బస్తాలూ అక్కడే. శనివారం సాయంత్రం హరిబాబు పనిలోంచి వస్తూ జేబులోంచి ఒక చిన్న డబ్బా తీసి గూట్లో పెట్టాడు. తాటిపాక దగ్గర గ్యాసు ప్లాంటులో అతను కాంట్రాక్టు కింద పైపుల పని చేస్తాడు.

సత్యనారాయణమ్మ డబ్బా చూసింది.

“ఏంట్రా అది?”

“గోల చెయ్యకమ్మా. బస్తాల్లోనూ బానల్లోనూ తలో రెండూ వేసేద్దాం. పాపనీ రమ్యనీ నాలుగు రోజులు ముందు గదిలో పడుకోబెడదాం.”

“ముందు గదిలోనా! రెండు గదుల మధ్యా ఉన్నది తలుపనుకున్నావా? కర్టెన్‌రా అది!”

“మరేం చెయ్యమంటావు? పోయినేడు ఊళ్ళో తలెత్తుకోలేకపోయేను. ఈసారీ పుచ్చిపోతే మనకి విత్తనం ఎవరిస్తారు? ఆకులు ఆకులంటావు, ఆకులకి పురుగు చస్తుందా?”

“నీ ప్లాంటులో గ్యాసు వాసనొస్తే ఏం చెయ్యమంటారు నిన్ను?”

హరిబాబు తడిసిన చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు.

“అడుగుతున్నానా? ఏం చెయ్యమంటారు?”

“పరిగెత్తమంటారు.”

“మరి మూడు నెలల పిల్ల ఎటు పరిగెడుతుందిరా?”

అతను డబ్బా గూట్లోంచి తియ్యలేదు, అలాగని మూతా విప్పలేదు. ఇద్దరి మధ్యా నిలబడ్డ రమ్యశ్రీ పాపని భుజం మార్చుకుని, మెల్లిగా అంది.

“ఏవండీ, ఓ బాన తెరిచి చూద్దామండి. పురుగు లేకపోతే బిళ్ళల గొడవే ఉండదు కదండీ.”

సత్యనారాయణమ్మ బానల వైపు తిరిగింది. మధ్యలో మూత తియ్యడమా! అత్తగారు బతికుంటే ఆ మాటన్న నోటికి వాత పెట్టేవారు. అంతలో ఉయ్యాల వైపు చూసింది.

“సరే. రేపు పొద్దున్నే తెరుద్దాం. గింజ ఎవరిదో వాళ్ళని కూడా పిలువు. చాటుగా నాకేం అక్కర్లేదు.”

ఆదివారం కాస్త తెరిపిచ్చింది. అరుగు మీదికి మొదటి బాన దింపేసరికి పక్కింటి బుల్లబ్బాయీ, అతని పెళ్ళాం ఉమాదేవీ, మరో నలుగురు ఆడవాళ్ళూ చేరారు. సత్యనారాయణమ్మ కత్తి మొనతో మట్టి మెత్తిన చోట చుట్టూ గీసి, “అత్తయ్యగారూ, తిట్టుకుంటే తిట్టుకోండి” అని మూకుడు లేవనెత్తింది.

పై వరసలో నాలుగైదు పురుగులు చెదిరి పరిగెత్తాయి. గుప్పెడు గింజ తీసి చూస్తే తెల్లటి గుడ్ల చుక్కలు, అక్కడక్కడా బొక్కలు. ఆడవాళ్ళు చప్పరించారు. హరిబాబు “చూసేవా?” అన్నట్టు తల్లి వైపు చూశాడు.

రమ్యశ్రీ మాత్రం వంగి ఒక ఎండాకు తీసి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

“అత్తయ్యగారండీ, దీనికి వాసనే లేదండి. రోజూ నాకూ పాపకీ కాగులో వేసి కాచి నీళ్ళు పోస్తున్నారు కదండీ, ఆ వావిలాకు ఇల్లంతా గుప్పుమంటుందండి. ఇదేమో వట్టి గడ్డండి. ఎప్పుడో వేసవి రాకముందు వేసేరాయె. మూత తియ్యకపోతే వాసన పోయిందని మనకెలా తెలుస్తుందండి?”

సత్యనారాయణమ్మ ఆకు తీసుకుని వాసన చూసింది. ఇంకోటి నలిపి చూసింది. బాన అడుక్కంటా చెయ్యి పెట్టి గింజ తీసింది. వస పొడి దట్టంగా పడ్డ చోట మినుము నిగనిగలాడుతోంది, ఒక్క చుక్క లేదు.

“నిజమేనే పిల్లా. ఎంత తెలివితక్కువదాన్ని! పొలి పోతుందని మూత మూసి, వాసనని పోనిచ్చేను.” ఆవిడ ముఖంలో సిగ్గు కంటే హుషారే ఎక్కువ కనిపించింది. “ఇక చూస్కోండి. ఎండ తగిలినప్పుడల్లా తెరుస్తాను, గింజ ఆరేస్తాను, ఆకు మారుస్తాను. నెలనెలా కొత్తాకు!”

“ఈ ముసురులో ఎండెక్కడిదమ్మా?” అన్నాడు హరిబాబు విసుగ్గా. లోపలికి వెళ్ళి డబ్బా పట్టుకొచ్చాడు. “ఎండొచ్చేలోగా మొత్తం పోతుంది. ఈ ఒక్కసారికి వెయ్యనీ.”

“అంత మొండితనం దేనికండి పిన్నిగారూ?” బుల్లబ్బాయి నవ్వాడు. “మా పడగ్గదిలో పది బస్తాలున్నాయండి, అన్నింట్లోనూ బిళ్ళలేనండి. మొన్ననే వేసేను. హాయిగా పడుకుంటున్నాం. బిళ్ళలేమన్నా మనుషుల్ని తింటాయా అండి?”

ఆవిడ కొడుకు వైపు చూసింది. వద్దన్నట్టు అతను తల అడ్డంగా ఊపాడు. కళ్ళతోనే బతిమాలాడు.

“తింటాయి బుల్లబ్బాయ్,” అంది సత్యనారాయణమ్మ. “మీ బాబాయిగారిని తిన్నాయి.”

ఎవరో చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

“అదిగో! అలా చూడకండి. మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆయన బిళ్ళ మింగలేదు. మింగే ఖర్మ ఆయనకేం పట్టలేదు. మూటలు బస్తాల్లో పెట్టి, తలుపులేసుకుని, పక్కన పడుకున్నారు. అంతే. నువ్వు పడుకుంటున్నట్టే. ఇన్నాళ్ళూ పరువు పరువని నోరు నొక్కుకు చచ్చేను. నా మొగుడి పరువు కాపాడుకుంటూ కూచుంటే రేపు మీ పిల్లలు పోతార్రా! ఎవరేమనుకుంటారో అనుకోండి, నాకు లెక్కలేదు. గింజ పుచ్చితే ఏరి పారేస్తాను. మొత్తం పుచ్చితే చేను బీడు పెడతాను. పోయిన మనిషిని ఎక్కణ్ణుంచి ఏరుకు రానర్రా?”

కళ్ళంట నీళ్ళు కారిపోతున్నా ఆవిడ తుడుచుకోలేదు, తల దించలేదు.

ఉమాదేవి హరిబాబు వైపు తిరిగింది. “నిజమేనా హరీ?”

హరిబాబు డబ్బా గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. రమ్యశ్రీ భుజం మీద పాప నిద్రలో ఒకసారి కదిలింది. అతను పాపని చూశాడు, తల్లిని చూశాడు.

“ఆయ్. నిజమేనండి,” అన్నాడు. “మా నాన్న గుండెతో పోలేదండి. నేనే అమ్మని చెప్పనివ్వలేదు.”

ఉమాదేవి గిరుక్కున వెనక్కి తిరిగింది. “ఆదివారమని పిల్లలింకా లేవలేదు,” అంటూ పరుగు తీసింది. ఆవిడ వెనకాలే బుల్లబ్బాయి, చెప్పులు కూడా వేసుకోకుండా.

పక్కింటి తలుపులూ కిటికీలూ దభాదభా తెరిచిన చప్పుడు వినిపించింది. పిల్లల్ని కేకేసి లేపడం వినిపించింది. ఎంతకీ బదులు లేదు. సత్యనారాయణమ్మ స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. చివరికి, “ఏంటమ్మా, ఇవాళ బడి లేదుగా” అని నిద్రమత్తులో ఓ పిల్ల గొణిగిన మాట వినబడ్డాక, ఆవిడ స్తంభం వదిలింది.

చినుకులు మళ్ళీ మొదలయ్యాయి. బుల్లబ్బాయి పడగ్గదిలోంచి ఒక్కో బస్తా లాక్కొచ్చి వాకిట్లోకి తోసేస్తున్నాడు. హరిబాబు డబ్బా గోడ అవతల, గాలి తగిలే చోట పెట్టేసి, వాన్లో తడుస్తూ వెళ్ళి బస్తా రెండో కొస పట్టుకున్నాడు.

“తడిసిపోతాయి అన్నయ్యా,” అన్నాడు.

“తడవనీ,” అన్నాడు బుల్లబ్బాయి. “లాగు.”