బెల్లంగారి ట్రే

ఆ రోజుల్లో నాకు కోపం అన్నం కంటే వేళకి వచ్చేది. ఆ రోజుల్లో అంటే మరీ పాత సంగతనుకోకండి. చేతిలో ఫోనూ, ఇంట్లో నెట్టూ అన్నీ ఉన్న రోజులే. చదువు అయిపోయి, బందరులో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం కొత్తగా దొరికి, గుడివాడ నుంచి రోజూ బస్సులో తిరగలేక మా మేనత్త ఇంట్లో మకాం పెట్టిన కాలం అది. లోకంలో సగం మంది పని సరిగ్గా చెయ్యరనీ, మిగతా సగం మంది అసలు చెయ్యరనీ, ఈ రెండు రకాల వాళ్ళనీ దారిలో పెట్టే బాధ్యత నా ఒక్కదాని నెత్తిన పడిందనీ గట్టిగా నమ్మేదాన్ని. ఆపమన్న చోట ఆపని ఆటో మీద కోపం, తెరవగానే చిరిగిపోయే పాల ప్యాకెట్టు మీద కోపం. మా బాబాయి నన్ను 'కుక్కరు' అనేవాడు (అందుకు ఆయన మీద కూడా కోపమే).

అత్తయ్య ఇంట్లో ఉండేది ముగ్గురు: అత్తయ్య, మావయ్య, బెల్లం. బెల్లం పిల్లి. ఒంటి రంగు చూసి అత్తయ్య పెట్టిన పేరు. మావయ్యకి షుగరు. ఆయన చప్పిడి టీ తాగుతూ కూర్చున్నప్పుడు "బెల్లం, రామ్మా బెల్లం" అని ఇల్లంతా వినపడేట్టు పిలవడం వెనక ఏదైనా ఉద్దేశం ఉందేమో నేనెప్పుడూ అడగలేదు. నేను వెళ్ళేసరికి అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యి, చేతికర్ర పట్టుకుని ఇంట్లో మెల్లగా తిరుగుతోంది. వంగలేదు. వంగలేదు కాబట్టి వెనక వరండాలో బెల్లం దొడ్డికెళ్ళే ఇసక తొట్టి శుభ్రం చెయ్యలేదు. మావయ్య వంగగలడు గాని వంగడు. రిటైరైనా ఆఫీసరు ఆఫీసరే కదా. వాసన మాత్రం ఆయనకే ముందు తగిలేది.

"మీ అత్తయ్యతో చెప్పమ్మా, ఘంటసాల నుంచి మా తమ్ముడొచ్చి ఆ పిల్లిని తీసుకుపోతాడు. వాడి ధాన్యం కొట్టులో ఎలుకలున్నాయంట" అన్నాడు ఒకరోజు పేపరు వెనక నుంచి. అత్తయ్య మూడడుగుల దూరంలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది.

"మీ మావయ్యతో చెప్పవే, ఎలుక కనిపిస్తే అది నా చీర వెనక దాక్కుంటుందని. దాన్ని అక్కడ పడేసి వస్తే నేను అన్నం ముట్టనని కూడా చెప్పు."

ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి అప్పటికే చాలా రోజులైంది. ఇటు మాట అటూ అటు మాట ఇటూ మొయ్యడం నా పని. ఆఫీసులో జీతమిచ్చే పని కంటే ఇది ఎక్కువైపోయింది. "మీ ఇద్దరికీ నోళ్ళు లేవా?" అని అరిచాను. ఇద్దరూ నా వంక జాలిగా చూశారు, పిల్లకి ఎండ తగిలిందేమో అన్నట్టు. ఆ పంతంలోనే ఫోనులో వెతికి, ఆటోమేటిక్ తొట్టి తెప్పించాను. పిల్లి వచ్చి పని కానిచ్చి వెళ్ళాక, కాసేపటికి దువ్వెనలాంటిది ఒకటి 'జుయ్' మంటూ కదిలి, ఆ చెత్తని లాక్కెళ్ళి మూత ఉన్న గదిలోకి నెట్టేస్తుంది. తొట్టిలో ఇసక బదులు తెల్లటి గుళికలు. తడినీ వాసననీ అవే పీల్చేస్తాయి. ఎవ్వరూ వంగక్కర్లేదు. మావయ్య ముక్కు శాంతించింది. ఘంటసాల ప్రయాణం ఆగింది. నేను ఆ వారమంతా ఇంట్లో మెడ నిటారుగా పెట్టుకుని తిరిగాను.

అసలు సంగతి నెల తిరిగాక తెలిసింది. గుళికలు పోసుకునే ట్రే ఉంటుందే, అది అట్టది. నెలకోసారి పారేసి, కంపెనీవాళ్ళ దగ్గరే ఇంకోటి కొనుక్కోవాలట. సరే అని ఆర్డరు పెట్టాను. వస్తోందన్నారు, విజయవాడ చేరిందన్నారు, తర్వాత వెనక్కి వెళ్ళిపోయిందన్నారు. ఆఫీసు వరండాలో నిలబడి వాళ్ళకి ఫోన్ చేశాను.

"మేడమ్, మీ పిన్‌కోడ్‌కి ఆ ఐటమ్ డెలివరీ లేదు మేడమ్."

"ఇదే పిన్‌కోడ్‌కి మిషను ఇచ్చారుగా?"

"మిషను డెలివరీ ఉంది మేడమ్. ట్రే డెలివరీ లేదు మేడమ్."

"అంటే బందరు పిల్లులు ఒక్క నెల వెళ్ళి ఆపెయ్యాలా?"

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్."

"మీరు చింతించకండి. ట్రే పంపండి!"

చివరి మాట ఆఫీసంతా విన్నది. మా మేనేజరుగారు తలుపు తీసి చూసి, నేనని తెలిసి, మళ్ళీ వేసేసుకున్నారు. అంత పెద్ద మిషను అమ్మి, దానికింద పెట్టే అట్టపెట్టె దగ్గర మనిషిని కట్టేస్తారా? పారెయ్యడానికే చేసే వస్తువా? కడుక్కుని మళ్ళీ వాడుకునేది చెయ్యలేరా? మీరు చెయ్యకపోతే నేను చేస్తాను, అనుకున్నాను. (ట్రే గీయడం సంగతి అలా ఉంచండి, నాకు చిన్నప్పుడు కాయితం పడవ కూడా సరిగ్గా వచ్చేది కాదు. కోపంలో అలాంటివేవీ గుర్తుకు రావు.)

గుళికలు మాత్రం గుడివాడలో చేపలూ రంగురంగుల పిట్టలూ అమ్మే కొట్లో సంచీల్లో దొరికాయి. మొదటి ట్రే ఫ్రిజ్ పెట్టెలోంచి కోసిన అట్టతో చేసి, లోపలంతా ప్యాకింగ్ టేపు అంటించాను. బెల్లం ఎంతో మర్యాదగా ఎక్కింది. సాయంత్రానికల్లా టేపు సందుల్లోంచి తడి దిగి, అట్ట మెత్తబడి, వరండా గచ్చు మీద ఒక చెరువు తేలింది. రెండోది, వంటింట్లో అప్పడాల పిండి కలిపే స్టీలు పళ్ళెం. అత్తయ్య చూడకుండా తెచ్చాను. దువ్వెన వెళ్ళి దాని అంచుకి కొట్టుకుని, వెనక్కి వచ్చి, మళ్ళీ కొట్టుకుని, ఎర్రలైటు వెలిగించి కీచుమని అరవడం మొదలుపెట్టింది. బెల్లం ఒక్క గెంతులో బీరువా ఎక్కి కూర్చుంది. మావయ్య లోపల్నుంచి "మీ అత్తయ్యతో చెప్పమ్మా, ఆదివారం తమ్ముడు వస్తున్నాడని. బుట్ట కూడా తెస్తున్నాడు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. మిషనుని కాలితో ఒక్కటి తన్నాను. బొటనవేలు వాచింది.

అప్పుడు అత్తయ్య కర్ర టక్కుటక్కుమనిపించుకుంటూ బీరువా దగ్గరికి వెళ్ళి, దాని వెనక నుంచి ఒక పెద్ద బోర్డు సగం లాగి, "మిగతాది నువ్వు లాగు" అంది. షాపుల ముందు వేలాడే బోర్డులకి వాడతారే, లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండే గట్టి ప్లాస్టిక్ షీటు, అది. బయటికి లాగి చూస్తే మావయ్య. మెళ్ళో గజమాల, మొహాన ఆఫీసు నవ్వు. పైన 'పదవీ విరమణ సందర్భంగా', కింద 'హార్దిక శుభాకాంక్షలు'. ఆఫీసువాళ్ళు అభిమానంతో చేయించింది. ముందుగదిలో తగిలిద్దామని ఆయన, పోయినవాళ్ళ పటంలా ఉంది వద్దని అత్తయ్య పట్టుబట్టాక బీరువా వెనక్కి చేరిందట.

"అత్తయ్యా, ఇది మావయ్య..."

"నాకు తెలుసు ఎవరో. కొయ్యి."

"పోనీ మొహం కిందికి పెట్టి మడుస్తాలే."

"ఎందుకే? ఆ వైపే గదా నున్నటి స్టిక్కరు అంటించారు. తడి దిగదు. రెండో వైపు గీతలు గీతలుగా ఉంది, కడిగితే వదలదు. మొహం పైకే ఉండాలి."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో చిన్న వణుకు కూడా లేదు. కాదనడానికి నా దగ్గర కారణం లేదు, పని పరంగా ఆమె చెప్పింది అక్షరాలా నిజం. స్కేలు పెట్టి గీశాం. బ్లేడుతో సగం లోతు గాటు పెట్టి మడిస్తే అంచులు చక్కగా లేచాయి. దువ్వెన తగలకుండా మూలలు గుండ్రంగా కోశాను. సందుల్లో బాత్రూములకి వాడే సిలికాన్ పూసి ఒక పగలంతా ఆరబెట్టాను. ఒక మడత సరిగ్గా మావయ్య మీసం కిందుగా వచ్చింది. చెత్త పడే గదిలోకి 'హార్దిక శుభాకాంక్షలు' చేరింది (ఇది మాత్రం అనుకుని చేసింది కాదు, కొలతలు అలా కుదిరాయి). గుళికలు పోసేసరికి అన్నీ కప్పుకుపోయాయి.

ఆదివారం మావయ్య తమ్ముడు మూత ఉన్న పెద్ద బుట్టతో వచ్చాడు. అత్తయ్య ముందు రోజు నుంచి కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. బెల్లాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొహం గోడకి తిప్పుకుని కూర్చుంది. "ఒక్కసారి ఇది చూసి మాట్లాడండి" అని ఘంటసాల ఆయన్ని వరండాలోకి ఈడ్చుకెళ్ళినంత పని చేశాను. బెల్లం దయ తలచింది. దిగి వచ్చి, ఎక్కి, గోకి, కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. జుయ్‌మంటూ దువ్వెన కదిలి, ఎక్కడా తట్టుకోకుండా చివరిదాకా వెళ్ళి, మూత ఎత్తి, నెట్టి, వెనక్కి వచ్చి ఆగింది. ఎర్రలైటు వెలగలేదు. ఆయన వంగి వాసన చూశాడు. "ఏం లేదే!" అన్నాడు. మళ్ళీ చూశాడు. "అన్నయ్యా, ఇంత భోగం అలవాటైన పిల్లి నా ధాన్యం కొట్టులో కాపరం చేస్తుందా? ఎలుకల్ని కూడా మిషనుతోనే పట్టమంటుంది. నేను తీసుకెళ్ళను. వదినా, లేచి అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అన్నాడు. అత్తయ్య లేచింది.

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆ తర్వాత ఒక సెలవు రోజు ట్రే ఖాళీ చేసి, పెరట్లో పంపు కింద రుద్ది కడిగి, ఎండకి గోడకి ఆనించి స్నానానికి వెళ్ళాను. బయటికొచ్చేసరికి మావయ్య దాని ముందు నిలబడి ఉన్నాడు. ట్రేలోంచి మావయ్య నవ్వుతున్నాడు. బయటి మావయ్య నవ్వడం లేదు.

"ఇది... ఇది నా బోర్డు గదూ?" అన్నాడు. తర్వాత ఇంటివైపు తిరిగి, నేనక్కడ మనిషినున్నానన్న సంగతే మరిచిపోయి, నేరుగా కేకేశాడు: "ఏమే! నా మొహం మీదా! రోజూ నా మొహం మీదా అది!"

కర్ర టక్కుటక్కుమంది. "అవును, మీ మొహం మీదే! కాలికి కట్టు కట్టుకుని నేను మంచాన పడుంటే నా పక్కన కూర్చున్నదెవరు? అది! రాత్రీ పగలూ నా కాళ్ళ దగ్గరే పడుకుంది. మీరు గుమ్మం దగ్గర నిలబడి 'బాగున్నావా' అని అడిగి వెళ్ళిపోయేవారు, చుట్టపుచూపుగా వచ్చినట్టు. అలాంటిదాన్ని బుట్టలో పెట్టి పంపేస్తారా?"

"ఆ కట్టు చూస్తే నాకు కళ్ళు తిరిగేవే! నెత్తురు మరక కనిపించేది. గుమ్మం దాటి రాలేకపోయేవాణ్ణి."

"ఆ ముక్క అప్పుడు ఏడవొచ్చుగా?"

"ఎవరితో ఏడవను? నువ్వు మాట్లాడితేగా?"

పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. నేను తడి జుట్టుతో, తువ్వాలు చేత్తో పట్టుకుని, ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను. చాలా రోజుల తర్వాత నా ద్వారా వెళ్ళకుండా మాట ఇటూ అటూ తిరుగుతోంది. మావయ్య చెప్పులేసుకుని, స్కూటరు తీసి వెళ్ళిపోయాడు. అత్తయ్య గుమ్మం పక్క కుర్చీలోనే కూర్చుండిపోయింది. మధ్యాహ్నం దాటాక వచ్చాడు, స్కూటరుకి అడ్డంగా ఏ బొమ్మా లేని తెల్లటి షీటు కట్టుకుని. "దీంతో చెయ్యమ్మా ఈసారి" అన్నాడు నాతో. నేను మండిపడ్డాను. నా వేళ్ళకి బ్లేడు గాట్లు ఇంకా మానలేదు, మళ్ళీ నేనెందుకు చేస్తానన్నాను. ఆయన కింద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, స్కేలు పెట్టి గీయడం మొదలుపెట్టాడు. పూర్తిగా తప్పు గీశాడు. "అలా కాదు మావయ్యా!" అని నేనూ, "అడ్డంగా కాదండీ, నిలువుగా!" అని అత్తయ్యా ఒకేసారి అరిచాం.

ఆనాటి నుంచి ట్రే కడగడం ఆయన పని అయిపోయింది. నాకు అవనిగడ్డ బ్రాంచికి బదిలీ వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను. వెళ్ళే రోజు పొద్దున్నే సామాను సర్దుకుని, ఆటోని గేటు దగ్గర నిలబెట్టి, వీడ్కోలు చెప్పడానికి ఎవరైనా వస్తారేమోనని చూశాను. ఎవరూ రాలేదు. పెరట్లో పంపు దగ్గర మావయ్య లుంగీ ఎగ్గట్టి ట్రే రుద్దుతున్నాడు. అత్తయ్య కుర్చీలో కూర్చుని, బెల్లం ఒళ్ళో, "ఆ మూల చూడండి, ఆ మూల. మీ ఆఫీసులో కూడా ఇలాగే చేసేవారా?" అంటోంది. "నువ్వొచ్చి చెయ్యి అయితే" అంటున్నాడాయన. "మోకాలు బాగుంటే మీకెందుకిస్తాను?" అంటోంది ఆవిడ. "వెళ్ళొస్తాను" అని రెండుసార్లు అరిచాను. "ఆఁ, జాగ్రత్తమ్మా" అన్నారిద్దరూ తల తిప్పకుండానే, మళ్ళీ ఆ మూల గొడవలో పడిపోయారు.

నాకు ఎంత కోపమొచ్చిందంటే, బస్సు చల్లపల్లి దాటేదాకా కిటికీలోంచి మొహం తిప్పలేదు. వీళ్ళిద్దరి కోసం అంత చేశానే, గేటుదాకా ఒక్కరైనా రాలేకపోయారా అని. ఇప్పుడు ఆ కుక్కరు పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పొద్దున్న ఆటో అబ్బాయిని ఇంకో అరగంట ఆగమని చెప్పి, చప్పుడు చెయ్యకుండా గోడ పక్కన నిలబడి, వాళ్ళు పోట్లాడుకోవడం హాయిగా వినాల్సింది.